పువ్వు కోసం క్లబ్బా అని అడిగిన మా పిల్లలకు

చిన్నూ, అమ్ములూ,

మొన్న మీకు పొద్దున, నాకు రాత్రి, వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి అడిగారు గుర్తుందా, "అమ్మమ్మా, ఒక్క పువ్వు కోసం ఒక క్లబ్బేంటి, అందులో ఏం చేస్తారు?" అని. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి మీ స్కూల్ బస్సు వచ్చేసింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీ అపార్ట్‌మెంట్‌లో మొక్కలంటే ఇష్టమున్న పిల్లలుంటే వాళ్ళకీ చదివి వినిపించండి.

ముందు ఆ పువ్వు సంగతి. దాని పేరు హైడ్రేంజియా. తెలుగులో దానికి సొంత పేరంటూ లేదు, ఎందుకంటే మన ఎండకి అది నిలవదు. ఊటీలోనో కొడైకెనాల్‌లోనో చూసే ఉంటారు, నడుము ఎత్తు పొద, మందారాకు కంటే పెద్ద ఆకులు, ఆకు అంచున రంపం పళ్ళు, కొమ్మ చివర చిన్న కొబ్బరిబోండం అంత గుత్తి. నీలం, గులాబీ, ఊదా, తెలుపు. అందులో మనం రేకులు అనుకునేవి నిజానికి రేకులు కావు. సైన్సు పుస్తకంలో రక్షక పత్రాలు అని చదువుకుంటారే, మొగ్గని కాపాడేవి, అవే ఇక్కడ రంగు పూసుకుని వెడల్పుగా విచ్చుకుంటాయి. అసలు పువ్వు మధ్యలో ఆవగింజంత ఉంటుంది. మీకు బాగా కనబడాలంటే భూతద్దం పెట్టుకోవాలి.

ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని మా అట్లాంటాలో ఈ పువ్వంటే జనానికి ఎంత ప్రేమంటే, 1994లో పెన్నీ మెక్‌హెన్రీ అనే ఆవిడ అమెరికన్ హైడ్రేంజియా సొసైటీ అని ఒక సంఘమే పెట్టింది. తనకి బహుమతిగా వచ్చిన ఒక కుండీ మొక్కని తోటలో నాటితే అది ఏపుగా పెరిగి, దాంతో మొదలైన ఇష్టం కొన్ని వందల మొక్కల దాకా పోయింది. ఆవిడ తోటలో దొరికిన ఒక రకానికి ఆవిడ పేరే పెట్టారు, పెన్నీ మ్యాక్ అని. ఆ సొసైటీ వాళ్ళు ప్రతి జూన్‌లో సభ్యుల తోటలు చూపించే టూర్ పెడతారు. మా క్లబ్బు అంత పెద్దది కాదు. మా చుట్టుపక్కల వీధుల వాళ్ళం ముప్పై మందిమి, నెలకొక శనివారం లైబ్రరీ వెనక గదిలో కలుస్తాం. అందులో తెలుగు వాళ్ళం ముగ్గురం.

నేను అందులో ఎలా చేరానో చెబితే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

మామయ్య ఈ ఇల్లు కొన్నప్పుడు వాకిట్లో నాలుగు హైడ్రేంజియా పొదలున్నాయి. నేను వచ్చింది జనవరిలో. ఆకులన్నీ రాలిపోయి ఎండు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. మన తెనాలి ఇంట్లో మల్లెపొదల్ని ఏం చేసేవాళ్ళం? చలికాలంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పాదు చేసి వదిలేస్తే మార్చి ఏప్రిల్‌కల్లా కొత్త చిగురు మీద విరగబూసేది. నా చేతికి తెలిసిన పని అదే కాబట్టి ఫిబ్రవరిలో కత్తెర తీసుకుని నాలుగింటినీ మోకాలి ఎత్తుకి కత్తిరించేశాను. ఏప్రిల్‌లో ఆకు బ్రహ్మాండంగా వచ్చింది. మే వచ్చింది, జూన్ వచ్చింది, వీధంతా నీలం గుత్తులతో నిండిపోయింది. మా వాకిట్లో ఒక్క పువ్వు లేదు. నాకు ఎంత టెన్షన్ వచ్చిందంటే ఏదైనా తెగులేమో అని ఆకు కోసి సంచిలో వేసుకుని, పక్కింటావిడ చెప్పిందని ఈ క్లబ్బు మీటింగ్‌కి వెళ్ళాను.

అక్కడ ఎనభై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. నా ఇంగ్లీషు ఆయనకి, ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. ఆయన ఆకు వైపు చూడనే లేదు, "ఎప్పుడు కత్తిరించావు?" అని మాత్రం అడిగారు. ఫిబ్రవరి అన్నాను. అప్పుడు బల్ల మీదున్న ఒక ఎండు కొమ్మ తీసి, చివర గోరుతో చూపించారు, బఠాణీ గింజంత మొగ్గ. అది వచ్చే జూన్‌లో పూయబోయే పువ్వు. ఈ రకం మొక్క ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే వచ్చే ఏటి పువ్వుకి మొగ్గ కట్టుకుని, చలికాలమంతా ఆ ఎండు పుల్ల చివర దాచుకుంటుంది. అంటే నేను కత్తిరించింది పుల్లల్ని కాదు, పూలనే. మల్లె కొత్త కొమ్మ మీద పూస్తుంది, ఇది పాత కొమ్మ మీద పూస్తుంది, తేడా అంతే. అది తెలియక ఒక ఏడాది పూలు పోయాయి.

కానీ అన్ని హైడ్రేంజియాలూ ఇలాగే అనుకోకండి, అక్కడే ఉంది చిక్కంతా. గుండ్రటి నీలం గుత్తుల రకం, సింధూర వృక్షం ఆకులాంటి ఆకుండే ఓక్ లీఫ్ రకం, ఇవి పాత కొమ్మ మీద పూస్తాయి, వీటికి కత్తెర పెట్టాలంటే పూత అయిన వెంటనే, జూలైలోగా పెట్టాలి. శంకువు ఆకారంలో తెల్లగుత్తి వేసేది, ఆనబెల్ అనే పెద్ద తెల్లబంతి రకం, ఇవి మల్లెలాగే కొత్త కొమ్మ మీద పూస్తాయి, వీటిని ఫిబ్రవరిలో ఎంత కత్తిరించినా ఏం కాదు. ఇంకో రకం రెండింటి మీదా పూస్తుంది. ఉత్తరాన ఉండే మినెసోటా రాష్ట్రంలోని ఒక నర్సరీలో, అంత చలిలోనూ ఒక మొక్క పూస్తూ ఉండటం 1998లో మైకేల్ డిర్ అనే ప్రొఫెసర్ కంటపడింది, ఆయన మన పక్కనే ఏథెన్స్ ఊళ్ళో జార్జియా యూనివర్సిటీలో మొక్కల మీద పనిచేసినవారు. ఆ మొక్కే 2004లో ఎండ్‌లెస్ సమ్మర్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. పాత మొగ్గలు చలికి మాడిపోయినా కొత్త కొమ్మ మీద మళ్ళీ పూస్తుంది కాబట్టి చలి ఊళ్ళ వాళ్ళకి అది పెద్ద వరం.

కాబట్టి మా క్లబ్బులో చేసే మొదటి పని ఇదే, ఫిబ్రవరిలో ఒక శనివారం అందరం లైబ్రరీ తోటలో కలిసి, కొత్తగా చేరినవాళ్ళ చేతికి కత్తెర ఇచ్చి, ఏ మొక్క ఏ రకమో చెప్పించి, ఆ తర్వాతే కత్తిరించనిస్తాం. రకం చెప్పలేకపోతే కత్తెర మడిచి జేబులో పెట్టుకోవాలి, ఆ ఏడాది పువ్వు చూసి రకం తెలుసుకోవాలి. ఇప్పుడు ఆ శనివారం నేనే నేర్పుతున్నాను, మల్లె కథ చెప్పే నేర్పుతాను.

మార్చి, ఏప్రిల్ మాకు నిద్ర ఉండదు. ఇక్కడ మార్చిలో పది రోజులు వెచ్చగా ఉండి మొక్కలన్నీ చిగురు వేసేస్తాయి, తర్వాత ఉన్నట్టుండి ఒక రాత్రి గడ్డకట్టే చలి వస్తుంది. చిగురూ మొగ్గా నల్లబడిపోతాయి. ఇక్కడ ఫారెన్‌హీట్ లెక్క, 32 అంటే నీళ్ళు గడ్డకట్టే చలి. సాయంత్రానికల్లా "ఈ రాత్రి 29 అంట" అని ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరికి మెసేజ్ వెళ్తుంది, చీకటి పడేలోగా అందరం దుప్పట్లు పట్టుకుని బయటికొస్తాం. ప్లాస్టిక్ షీటు ఆకుకి తగిలితే తగిలినచోట మాడుతుంది, అందుకే బట్టే కప్పాలి, అదీ నేల దాకా జారేలా కప్పితే నేలలో వేడి లోపలే నిలుస్తుంది. నేను నా పాత నూలు చీరలు కప్పుతాను. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. వంగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకి కుర్రవాళ్ళు వెళ్ళి కప్పి వస్తారు. ఒక ఏడాది నాకు జ్వరం, మామయ్య ఊళ్ళో లేడు, తెల్లారి లేచి చూస్తే నాలుగు పొదల మీదా ఎవరిదో పూలపూల దుప్పటి. ఎవరు కప్పారో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఇక మీరు ఎక్కువగా అడిగిన రంగు సంగతి. "ఒకే మొక్కకి రెండు రంగులు ఎలా అమ్మమ్మా, అంటు కట్టారా?" అన్నాడు చిన్నూ. అంటు కట్టలేదు నాన్నా, మట్టి. మట్టి పుల్లగా ఉంటే, అంటే ఆమ్లగుణం ఉంటే, అందులోని అల్యూమినియం నీళ్ళలో కరిగి వేళ్ళ ద్వారా పువ్వులోకి చేరుతుంది, అక్కడి రంగు పదార్థంతో జతకట్టి నీలం అవుతుంది. మట్టిలో సున్నం ఎక్కువైతే అల్యూమినియం కరగకుండా మట్టిలోనే ఉండిపోతుంది, పువ్వు గులాబీగానే ఉంటుంది. మట్టి పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 5.5 కంటే తక్కువైతే నీలం, 6.5 దాటితే గులాబీ, మధ్యలో ఊదా. లిట్మస్ కాగితం ఆమ్లంలో ఎర్రగా మారుతుందని చదువుకున్నారుగా, ఇది దానికి తిరగేసి! జార్జియా ఎర్రమట్టి సహజంగానే పుల్లమట్టి, కాబట్టి మా వీధిలో ఎక్కువ నీలమే. కానీ మా పొదల్లో ఒకటి సిమెంటు బాటని ఆనుకుని ఉంది, సిమెంటులోని సున్నం వానకి కొద్దికొద్దిగా కారి అటువైపు వేళ్ళకి అందుతుంది. బాట వైపు గుత్తులు గులాబీ, తోట వైపు నీలం. తెల్లపూల రకాలు మాత్రం ఏం చేసినా నీలం కావు.

మట్టిని ఊహించుకుని మందు వేయొద్దని మా క్లబ్బులో గట్టి మాట. ప్రతి సభ్యుడూ సంచిలో మట్టి తెస్తే ఆ సంచులన్నీ ఒకేసారి యూనివర్సిటీ వాళ్ళ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసుకి ఇస్తాం, కొద్దిపాటి ఫీజుకి పరీక్ష చేసి పంపుతారు. నీలం కావాలంటే అల్యూమినియం సల్ఫేట్, గులాబీ కావాలంటే సున్నపుపొడి. మన పటికలోనూ అల్యూమినియమే ఉంది. ఎక్కువ వేస్తే వేళ్ళు మాడతాయి. తుప్పు మేకులు పాతితే నీలమవుతుందని ఇక్కడా కొందరంటారు కానీ అది ఇనుము, దానికీ నీలానికీ సంబంధం లేదు.

అమ్ములూ, మీ బాల్కనీలో శంఖుపూలున్నాయిగా. నాలుగు పూలు వేడినీళ్ళలో వేసి, నీలం దిగాక నిమ్మచుక్క పిండి చూడు. అందులోని రంగూ హైడ్రేంజియా రంగూ ఒకే కుటుంబం, డెల్ఫినిడిన్ అంటారు.

జనవరి మీటింగ్‌లో చేసే పని ఉండదు కాబట్టి ఎవరో ఒకరు కథలు చెబుతారు. హైడ్రేంజియా అన్న పేరు 1739లో గ్రీకు మాటలతో పెట్టారట, నీటిపాత్ర అని అర్థం, దాని గింజల కాయ చిన్న కూజాలా ఉంటుందని. జపాన్‌లో ఒక కొండజాతి హైడ్రేంజియా ఆకుతో తీపి కషాయం కాచి, ఏప్రిల్ 8న బాలబుద్ధుడి విగ్రహానికి అభిషేకం చేస్తారు. ఆ మాట విని నాకు ఒళ్ళు పులకరించింది. అలాగని మీరు ఊటీ వెళ్ళి ఆకు నోట్లో పెట్టుకోకండి. మామూలు హైడ్రేంజియా ఆకులూ పూలూ విషం, కుక్కలు తిన్నా కడుపు పాడవుతుంది. పుట్టినరోజు కేకు మీద అలంకారానికి కూడా పెట్టకూడదు.

జూన్‌లో తోటల టూర్. ఒక శనివారం ఆరేడు ఇళ్ళ తోటలు తెరిచి పెడతాం, ఊరివాళ్ళు వచ్చి చూస్తారు. గేటు దగ్గర నిలబడటం, మజ్జిగ ఇవ్వడం నా వంతు. మధ్యాహ్నం ఎండకి ఆకులు వడలి వేలాడుతుంటే చూసినవాళ్ళు "అయ్యో, నీళ్ళు పోయండి" అంటారు. సాయంత్రం దాకా ఆగి చూడాలి. చల్లబడ్డాక అదే లేచి నిలబడితే నీళ్ళు అక్కర్లేదు, పొద్దున కూడా వడలి ఉంటేనే పోయాలి. ఇది మీ కుండీ మొక్కలకీ పనికొస్తుంది.

టూర్ అయిన వారానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు, కొమ్మలు నాటే రోజు. పువ్వు లేని లేత కొమ్మని జానెడు కోసి, కింది ఆకులు తీసేసి, పై ఆకుల్ని సగానికి కత్తిరించి (ఆకు పెద్దదైతే నీరు ఎక్కువ ఆవిరవుతుంది), తడి ఇసుకలో గుచ్చి, అడుగు కోసేసిన పాలడబ్బా బోర్లిస్తాం. నీడలో పెడితే నెలలో వేళ్ళు వస్తాయి. అమ్మకపు పట్టీ మీద పేటెంట్ అని ఉన్న రకాలని మాత్రం ముట్టుకోం. ఇక్కడ 1930 నుంచి మొక్కలకీ పేటెంట్ చట్టముంది, దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 ఏళ్ళు దాటేదాకా అనుమతి లేకుండా అంటు తీయకూడదు. పాత రకాలు ఎన్నయినా పెంచుకోవచ్చు. వాటిని వచ్చే వసంతంలో అమ్మి, ఆ డబ్బుతో లైబ్రరీ తోటకి ఎరువూ పైన్ ఆకులూ కొంటాం.

నాకు కొమ్మ చూపించిన పెద్దాయన పోయిన శీతాకాలం పోయారు. ఆయన తోటని పిల్లలు అమ్మేశారు, కొన్నవాళ్ళు పొదలు తీయించి గడ్డి వేయించారు. కానీ ఆయన దగ్గర కోసి తెచ్చుకున్న కొమ్మలు మా క్లబ్బులో పదకొండు ఇళ్ళలో ఉన్నాయి, మా ఇంట్లో రెండు. ఈ జూన్‌లో అన్నీ పూశాయి. ఒక పువ్వు కోసం ఒక క్లబ్బా అని అడిగారు చూడండి, అప్పుడు నాకు చప్పున ఆ రెండు పొదలే కళ్ళముందు ఆడాయి.

పోయిన వారం ఆయన పొద నుంచే మీ ఇద్దరికీ నేలంటు తొక్కాను. కింది కొమ్మని నేలకి వంచి, అడుగువైపు కాస్త చెక్కు గీకి, మట్టి కప్పి, పైన ఇటుక పెట్టాను. ఇటుకల మీద సుద్దతో మీ పేర్లు రాస్తే నిన్నటి వానకి చెరిగిపోయాయి, మళ్ళీ రాశాను. అక్టోబర్‌కి వేళ్ళు వస్తాయి, అప్పుడు తల్లి నుంచి కోసి కుండీల్లోకి మారుస్తాను. వచ్చే వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఎవరిది సిమెంటు బాట పక్కన నాటాలో, ఎవరిది పైన్ చెట్ల నీడన నాటాలో మీలో మీరు తేల్చుకోండి. కొట్టుకోకండి.

శంఖుపూల నీళ్ళలో నిమ్మరసం పిండాక ఏ రంగొచ్చిందో రాయండి. ఇంకో గ్లాసులో వంటసోడా చిటికెడు వేసి అదీ చూడండి.

మీ అమ్మమ్మ