సొంత వికీలు తిరిగి టెక్స్ట్ ఫైళ్ల దగ్గరికే ఎందుకొస్తున్నాయి?

2023 చివర్లో రెండు సంగతులు జరిగాయి. సెప్టెంబరులో మైన్‌క్రాఫ్ట్ గేమ్ వికీని ఏళ్లుగా రాస్తూ వచ్చినవాళ్లు వికీలకు చోటిచ్చే ఫ్యాండమ్ సంస్థ సర్వర్లను వదిలేసి, పేజీలన్నీ కాపీ చేసుకుని వేరే చోటికి మకాం మార్చారు. డిసెంబరులో, నోట్సు దాచుకునే ఎవర్‌నోట్ యాప్ తన ఉచిత ఖాతాలకు 50 నోట్ల హద్దు పెట్టింది. అప్పటికే వందలు, వేలు దాచుకున్నవాళ్లు పాతవి చూసుకోవచ్చు గానీ డబ్బు కట్టకుండా కొత్తది చేర్చలేరు. మొదటిది పదిమంది కలిసి రాసుకున్న వికీ, రెండోది ఎవరికి వారు దాచుకున్న నోట్సు. అయినా రెండుచోట్లా తలెత్తిన ప్రశ్న ఒకటే: తంటాలు పడి తెలుసుకుని రాసిపెట్టుకున్నది చివరికి ఎవరి చేతిలో ఉంది?

కంప్యూటర్లతో పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న గట్టిగా తగులుతుంది. పాత ప్రింటరును లినక్స్‌లో పనిచేయించిన కమాండు, ఫలానా గేమ్ తన సేవ్ ఫైళ్లను ఏ ఫోల్డరులో పెడుతుందన్న వివరం, డేటాబేసు వెర్షన్ మార్చేముందు ఆపాల్సిన సర్వీసు పేరు. ఇలాంటివి రెండు మూడేళ్లకోసారి అవసరపడతాయి, కాబట్టి గుర్తుండవు. నెట్‌లో వెతికితే ఇంకేదో వెర్షన్‌కు రాసిన సలహా దొరుకుతుంది. అందుకే చాలామంది తమకంటూ ఒక వికీ పెట్టుకుంటారు. ఒక్కో విషయానికి ఒక్కో పేజీ, పేజీ నుంచి పేజీకి లింకు. ఈ అలవాటు వికీ అన్న పేరుకంటే పాతది.

పుస్తకాలూ కాగితాలూ మైక్రోఫిల్ము మీద ఉండే ఒక బల్లను, వాటి మధ్య మనిషి తనకు తోచినట్టు బాటలు వేసుకోగలగడాన్ని వానెవార్ బుష్ 1945లోనే అట్లాంటిక్ పత్రికలో ఊహించారు. ఆ బల్ల తయారు కాలేదు. నిజంగా పనిచేసినవాటిలో మన విషయానికి బాగా దగ్గరిది 1980 నాటిది. ఆ ఏడాది టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో కొన్ని నెలల కాంట్రాక్టు మీద చేరారు. అక్కడ ఏ ప్రోగ్రాము ఏ మెషీన్ మీద నడుస్తోంది, దాన్ని ఎవరు రాశారు, అది ఇంకే ప్రోగ్రామును వాడుకుంటోంది అన్నది గుర్తుపెట్టుకోలేక, తన కోసం ఎంక్వైర్ అనే ప్రోగ్రాము రాసుకున్నారు. అందులో కొత్త పేజీ చేర్చాలంటే ఉన్న పేజీ నుంచి లింకు వేసే చేర్చాలి. ఆ లింకు ఏ సంబంధాన్ని చెబుతోందో కూడా రాయాలి: ఇది దానిలో భాగమా, దీన్ని ఫలానావారు తయారుచేశారా, ఇది దాన్ని వాడుకుంటుందా అని. కంప్యూటర్ల మీద సొంత వికీ అంటే ఇదే కదా! కాంట్రాక్టు ముగిశాక ఎంక్వైర్ ఉన్న ఎనిమిది అంగుళాల ఫ్లాపీని ఆయన అక్కడే ఇచ్చేసి వెళ్లారు. అది తర్వాత ఎక్కడో పోయింది. పదేళ్ల తర్వాత వెబ్‌ను తయారుచేసింది ఆయనే గనుక ఎంక్వైర్ పేరు నిలిచింది, ఆ డిస్కు మాత్రం దొరకలేదు.

1987లో ఆపిల్ సంస్థ మెకింటాష్‌లతో పాటు ఇచ్చిన హైపర్‌కార్డ్ ఈ పనిని ప్రోగ్రామింగ్ రానివాళ్లకు కూడా అందించింది. బిల్ అట్కిన్సన్ రూపొందించిన ఆ సాఫ్ట్‌వేర్‌లో కార్డులు రాసి, బటన్లు పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లేలా చేసుకోవచ్చు. టీచర్లు పాఠాలు కూర్చుకున్నారు, ఇంజినీర్లు పని నోట్సు పెట్టుకున్నారు. 1993లో వచ్చి ఊపేసిన మిస్ట్ గేమును మొదట కట్టింది కూడా దీంతోనే. ఆపిల్ 2004లో హైపర్‌కార్డ్ అమ్మకం ఆపేసింది. 2007లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ లెపర్డ్ వెర్షన్‌తో పాత మ్యాక్ ప్రోగ్రాములు నడిచే ఏర్పాటు కూడా పోయింది. ఇవాళ ఆ కార్డులను తెరవాలంటే పాత మ్యాక్‌ను అనుకరించే ఎమ్యులేటర్ కావాలి. దాచినవాళ్లు జాగ్రత్తగానే దాచారు. ఫైలు ఉంది, దాన్ని చదవగల ప్రోగ్రాము లేదు.

హైపర్‌కార్డ్‌లో అలాంటి నోట్సు పెట్టుకున్నవాళ్లలో వార్డ్ కన్నింగ్‌హామ్ ఒకరు. టెక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసేటప్పుడు ఆలోచనలు, మనుషులు, ప్రాజెక్టులు ఒకదానికొకటి ఎలా తగులుకున్నాయో ఆయన కార్డుల మీద రాసుకునేవారు. ఆ ఆలోచననే వెబ్‌లోకి తెచ్చి, 1995 మార్చి 25న మొదటి వికీని ప్రోగ్రామర్ల ముందు పెట్టారు. అందులో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది, ఇంకా రాయని పేజీకి కూడా లింకు వేయగలగడం. లింకు పక్కన ఒక ప్రశ్నార్థకం కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఖాళీ పేజీ తెరుచుకుంటుంది. మనకు తెలియనిది ఏమిటో కూడా నోట్సులో నమోదవుతుంది. పుస్తకంలో రాసుకుంటే ఇది కుదరదు.

అయితే ఆ మొదటి పద్ధతి తెలుగువాళ్లకు పనికొచ్చేది కాదు. రెండు ఇంగ్లిషు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ఒక్కోదాని మొదటి అక్షరాన్ని పెద్దబడిలో రాస్తే అది లింకు అయ్యేది. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు. వికీపీడియా కూడా 2001 జనవరిలో ఆ పద్ధతితోనే మొదలై, వారాల్లోనే మాట చుట్టూ జంట చదరపు బ్రాకెట్లు పెట్టే పద్ధతికి మారింది. ఇంగ్లిషువాళ్లకు అది సౌకర్యం, ఏ లిపివాళ్లయినా వికీ రాసుకునే వీలు కలిగింది మాత్రం దానివల్లే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినవారు వెన్న నాగార్జున.

ఆయనే పద్మ అనే ఫాంటు మార్పిడి సాధనాన్ని కూడా తయారుచేశారు. దాని అవసరం ఎందుకొచ్చిందో చెప్పకుండా తెలుగు నోట్సు కథ పూర్తికాదు. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటు వాడేవి. ఫైలులో ఉన్నవి నిజానికి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మలు గీసేది. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే గజిబిజి గుర్తులే కనిపించేవి. వెతకడం కుదరదు, అకారాది క్రమం కుదరదు. ప్రతి లిపిలోని అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దక్కినా, మామూలు వాడుకరి దాకా రావడానికి 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ, దాంతో వచ్చిన గౌతమి ఫాంటు కావాల్సి వచ్చాయి. ఆ తర్వాత వీవెన్ చేసిన లేఖిని లాంటి పరికరాలతో టైపు చేయడం తేలికైంది. అంతకు ముందు అచ్చు పేజీల కూర్పుకు వాడే డీటీపీ ఫాంట్లలో రాసిపెట్టుకున్న పేజీలు ఎన్నో పాత సీడీల్లో ఉండిపోయాయి. హైపర్‌కార్డ్ వాడినవాళ్లకు జరిగిందే మనకూ జరిగింది. వాళ్లకు సాఫ్ట్‌వేర్ పోయింది, మనకు ఫాంటు పోయింది.

ఈలోగా సాఫ్ట్‌వేర్ నేర్చుకునే తెలుగు పిల్లలకు నోట్సు అంటే కాగితమే. అమీర్‌పేటలో ఒరాకిల్, జావా క్లాసుల రన్నింగ్ నోట్సు చక్కని చేతిరాతలో రాసినవాళ్లది జిరాక్స్ షాపుకు చేరేది. అక్కణ్ణించి బ్యాచి తర్వాత బ్యాచి అదే కొనుక్కునేది. ఎంతోమందికి ఉద్యోగం తెచ్చిపెట్టిన నోట్సు అది, నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ వెర్షన్ మారితే కాగితం మారదు. నలభయ్యో పేజీలోని తప్పును దిద్దినవాళ్ల దిద్దుబాటు వాళ్ల కాపీలోనే ఉండిపోతుంది.

ఈ చరిత్రలో 2004 ప్రత్యేకమైన ఏడాది. జాన్ గ్రూబర్ మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో శీర్షికలు, లింకులు రాసే మార్క్‌డౌన్‌ను, ఆండ్రియాస్ గోర్ డోకువికీని, జెరెమీ రస్టన్ టిడ్లీవికీని ఆ ఏడాదే బయటపెట్టారు. మూడూ వేర్వేరు దారులు.

టిడ్లీవికీలో నోట్సు, వాటిని చూపించే ప్రోగ్రాము, వెతికే పెట్టె అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ కంప్యూటరులోనైనా బ్రౌజరుతో తెరవొచ్చు. చిక్కల్లా సేవ్ చేయడంలోనే. భద్రత కోసం బ్రౌజర్లు మామూలుగా తెరిచిన పేజీని మన డిస్కు మీద రాయనివ్వవు. ఫైర్‌ఫాక్స్‌లో టిడ్లీఫాక్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఆ పని చేసిపెట్టేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేసింది, దాంతో అదీ ఆగిపోయింది. వాడుకరులు వేరే ఏర్పాట్లు వెతుక్కున్నారు. అయినా ఎవరి నోట్సూ పోలేదు. రాయడానికి దారి మూసుకుపోయినా, చదవడానికి తెరిచే ఉంది. హైపర్‌కార్డ్‌కూ దీనికీ ఉన్న ఈ తేడాను నేను చాలా పెద్దదిగా చూస్తాను.

డోకువికీ సర్వరు మీద నడుస్తుంది కానీ డేటాబేసు అడగదు. ప్రతి పేజీ ఒక టెక్స్ట్ ఫైలు. రేపు డోకువికీ పనిచేయకపోయినా నోట్‌ప్యాడ్‌తో చదువుకోవచ్చు. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ ఒక సెట్టింగు చూసుకోవాలి. మామూలుగా అది ఫైలు పేరులోని తెలుగును శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మార్చి దాస్తుంది. యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైటు మూడు గుర్తులవుతుంది. 'కంప్యూటర్' అన్న మాటలో హల్లులు, గుణింతాలు, పొల్లు, సున్న విడివిడిగా లెక్కిస్తే తొమ్మిది సంకేతాలు. ఫైలు పేరులో అది 81 గుర్తులు. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు కాబట్టి, అలాంటి మూడు మాటల శీర్షిక దాటితే చోటు చాలదు. పేరును నేరుగా యూటీఎఫ్-8లో ఉంచమని సెట్టింగు మారిస్తే మూడింతల చోటు వస్తుంది, ఫోల్డరులో పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి. పేజీలు పెరగకముందే మార్చుకోవడం మంచిది.

గేముల వైపు కథ ఇంకా పాతది. 1970ల్లో విల్ క్రౌథర్, డాన్ వుడ్స్ రాసిన గుహల గేము ఆడినవాళ్లు ఏ గది నుంచి ఏ గదికి దారి ఉందో కాగితం మీద మ్యాపు గీసుకునేవాళ్లు. 1995లో మొదలైన గేమ్‌ఫాక్స్‌లో ఆటగాళ్లు పెట్టిన గైడ్లు మామూలు టెక్స్ట్. వరుసకు 80 అక్షరాల లోపు, మ్యాపులు కూడా గీతలూ చుక్కలతోనే. అప్పటివి ఇప్పటికీ ఏ ఫోనులోనైనా తెరుచుకుంటాయి. తర్వాత ఆ పని గుంపు వికీలకు మారింది. 2004లో జిమ్మీ వేల్స్, ఏంజెలా బీస్లీ పెట్టిన వికియా ఉచితంగా చోటిచ్చింది. 2016లో ఫ్యాండమ్‌గా పేరు మార్చుకుంది. ప్రకటనలు పెరిగి పేజీ చదవడమే కష్టమయ్యేసరికి 2018లో రూన్‌స్కేప్ గేము వికీ బయటికెళ్లింది, ఐదేళ్లకు మైన్‌క్రాఫ్ట్ వికీ అదే బాట పట్టింది. ఇతరులు కాపీ చేసుకోవడానికి వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉండబట్టి పేజీలు పట్టుకెళ్లగలిగారు. ఆ లైసెన్సే పాత కాపీ కూడా అక్కడే ఉండటానికి వీలిస్తుంది. రాసేవాళ్లు వెళ్లిపోయాక కూడా వెతికితే చాలాసార్లు పాతదే ముందు ఎదురవుతుంటుంది, చదివేవాళ్లు దాన్నే నమ్ముతుంటారు.

ఇంకొన్ని డేటా పోగొట్టుకున్నాయి, లేదా మూతబడ్డాయి. జెంటూ లినక్స్ వాడుకరులు అనధికారికంగా నడుపుకున్న వికీ 2008లో సరైన బ్యాకప్ లేక డేటా పోగొట్టుకుంది. గూగుల్ నోట్‌బుక్ 2012లో మూతబడింది. టీచర్లు ఎక్కువగా వాడిన వికీస్పేసెస్ 2018లో.

2020లో వచ్చిన అబ్సిడియన్ అనే నోట్సు ప్రోగ్రామును ఇంతమంది అంత త్వరగా అందుకోవడం వెనక ఈ జ్ఞాపకాలన్నీ ఉన్నాయి. అందులో నోట్సు అంటే మన డిస్కు మీది ఫోల్డరు, దానిలో మార్క్‌డౌన్ ఫైళ్లు, వాటి మధ్య వికీపీడియా నుంచి వచ్చిన ఆ జంట బ్రాకెట్లు. ప్రోగ్రాము కంపెనీదే, దాని సోర్సు కోడు తెరిచి లేదు. ఫైళ్లు మాత్రం మనవి. మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టుకుంటే ఎప్పుడు ఏం మార్చామో కూడా ఉంటుంది. అదనపు పనుల కోసం తగిలించుకునే ప్లగిన్ల విషయంలోనే కాస్త నిగ్రహం కావాలి. ఒక ప్లగిన్‌కే అర్థమయ్యే రాతతో పేజీలు నింపితే, ఆ ప్లగిన్ ఆగిన రోజున మళ్లీ పాత కథే.

తెలుగులో రాసేవాళ్లకు ఇప్పటికీ తీరని చిక్కు వెతుకులాటది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట, వ కలిసి ఒత్తుగా మారకుండా కంటికి కనిపించని ఒక సంకేతాన్ని మధ్యలో పెడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ఫైళ్లలో అక్షరాలను ఉన్నవున్నట్టు పోల్చే గ్రెప్ లాంటి పరికరాలకు అవి రెండు వేర్వేరు మాటలు. పైగా లినక్స్ లేదా లైనక్స్, విండోస్ లేదా విండోజ్ అని ఎవరి అలవాటు వారిది. తెలుగు వికీపీడియా దీన్ని దారిమార్పు పేజీలతో సర్దుకుంటుంది. అబ్సిడియన్‌లో పేజీ తలకట్టులో మారుపేర్లు రాసుకునే చోటుంది. అక్కడ ఉచ్చారణ తేడాలతో పాటు, ఆ కనిపించని సంకేతం ఉన్న రూపాన్నీ లేని రూపాన్నీ కూడా చేర్చాలి. దాన్ని పట్టించుకోకుండా వెతికే పద్ధతి అన్ని పరికరాల్లోకీ వచ్చేదాకా ఆ పని రాసుకునేవాళ్లే చేతితో చేసుకోవాలి.