చిక్కుడు ఇప్పుడే ఎందుకు పూసిందంటే

నా బుజ్జి మనవడికీ మనవరాలికీ,

తాతయ్య దీవెనలు. మొన్న ఫోన్లో మీరు అడిగిన ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. "జూన్‌లో మేం విత్తిన చిక్కుడు పాదు దసరా దాకా ఆకులే వేసింది కదా తాతయ్యా, ఇప్పుడెందుకు ఒక్కసారిగా పూసింది?" అన్నారు. చాలామంది పెద్దవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోరు. పూత రాలేదంటే ఎరువు చాలలేదనుకుని ఇంకో రెండు గుప్పిళ్ళు వేసేస్తారు. దాంతో ఆకులు ఇంకా ఏపుగా వస్తాయి తప్ప పువ్వు మాత్రం రాదు.

మన మిద్దె మీద ఉన్నది పాతకాలపు పందిరి చిక్కుడు. అది రాత్రిని కొలుస్తుంది. హైదరాబాద్‌లో జూన్ నెలలో పగలు 13 గంటలకి కాస్త పైనే ఉంటుంది. ఈ డిసెంబర్‌లో 11 గంటలే. అంటే రాత్రి దాదాపు రెండు గంటలు పెరిగింది. మనకి ఆ తేడా 'ఏంటి, అప్పుడే చీకటి పడిపోయింది' అనుకునేంతే. చిక్కుడు ఆకుకి మాత్రం అది పూత పట్టమని కబురు. ఆకులో వెలుగునీ చీకటినీ పసిగట్టే పదార్థం ఒకటి ఉంది. చీకటి ఆగకుండా తగినన్ని గంటలు సాగితే, పూతకి కావాల్సిన సంకేతం ఆకు నుంచి కొసకి వెళ్తుంది. చామంతి కూడా ఇలాంటిదే, గోంగూర కూడా. మన గోంగూర కార్తీకం దాటాక ఆకు తగ్గించి పూతకి పోవడం మీ అమ్మమ్మకి ఏటా కోపం తెప్పిస్తుంది, కానీ దాని తప్పేం లేదు.

ఈ సంగతిని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లోకానికి చెప్పారు. వాళ్ళ దగ్గర ఒక రకం పొగాకు ఉండేది. వేసవి అంతా మనిషిని మించి ఎత్తు పెరిగేది, పూసేది మాత్రం కాదు. ఏవేవో మార్చి చూశాక, రోజూ మధ్యాహ్నం ఆ మొక్కల్ని తొట్లతో సహా చీకటి షెడ్డులోకి చేర్చి, మర్నాడు పొద్దున బయటికి తెచ్చారు. అలా పగటిని తగ్గించేసరికి ఆ పొగాకు వేసవిలోనే పూసింది! అసలు లెక్క పగటిది కాదు, రాత్రిది అని ఆ తర్వాతి వాళ్ళు తేల్చారు. అర్ధరాత్రి కాసేపు దీపం వెలిగిస్తే చాలు, ఇలాంటి మొక్కల లెక్క తప్పిపోతుంది. మీ బెంగళూరు చుట్టుపక్కల చామంతి తోటల్లో రాత్రిళ్ళు వరసగా బల్బులు వెలుగుతుంటాయి. పూత ముందే రాకుండా, తమకి కావాల్సిన రోజులకి రావాలని రైతులు అలా చేస్తారు. ఈసారి రాత్రి బస్సులో వచ్చేటప్పుడు నిద్రపోకుండా కిటికీలోంచి చూడండి, కనిపిస్తే మీ అదృష్టం.

రాత్రి పొడవు మారడమే కాదు, ఎండ పడే చోటు కూడా మారుతుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, పిట్టగోడకి నీడే ఉండదు. ఇప్పుడు సూర్యుడు దక్షిణం వైపు బాగా వాలి ఉన్నాడు. మన పిట్టగోడ మూడడుగుల ఎత్తు. మధ్యాహ్నం పన్నెండుకి కూడా దాని నీడ ఉత్తరం వైపు రెండున్నర అడుగులు పడుతుంది. అంటే దక్షిణం గోడకి ఆనించి పెట్టిన తొట్టెలు రోజంతా నీడలోనే ఉంటాయి. అందుకే దీపావళి వెళ్ళగానే టమాటా, వంగ, కాలీఫ్లవర్ తొట్లన్నీ అటు నుంచి ఇటు జరిపేశాను. ఆ నీడలో ఇప్పుడు పుదీనా, పాలకూర ఉన్నాయి. వాటికి కాస్త ఎండ తగ్గినా ఫరవాలేదు. మీ ఫ్లాట్ బాల్కనీ దక్షిణం వైపే కదా, చలికాలంలో అంతకంటే మంచి చోటు దొరకదు. అది ఖాళీగా ఉందంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పొద్దున్నే లేచి ఏం చేస్తావని కూడా అడిగారు. ఎండాకాలంలో అయితే తెల్లవారకుండానే నీళ్ళ పైపు పట్టుకోవాలి. ఇప్పుడు ఆ తొందర లేదు. ఎండ వచ్చి ఆకుల మీద మంచు ఆరాక, ఏ ఎనిమిదింటికో పైకి వెళ్తాను. ముందు నీళ్ళు పెట్టను, మట్టిలో వేలు పెట్టి చూస్తాను. రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ తొట్టెకి ఆ రోజు నీళ్ళు అక్కర్లేదు. చలికాలంలో ఇళ్ళల్లో మొక్కలు ఎండిపోయి చచ్చేదానికంటే, రోజూ అలవాటుగా నీళ్ళు పోయడం వల్ల వేళ్ళు కుళ్ళి చచ్చేవే ఎక్కువ. పోసినా మొక్క మొదట్లోనే పోయాలి, ఆకులు తడపకూడదు. సాయంత్రం అసలే వద్దు. రాత్రంతా ఆకులు తడిగా, చల్లగా ఉంటే తెగుళ్ళని మనమే పిలిచినట్టు.

ఆ తర్వాత ఆకులు తిప్పి చూడటం. పనంతా ఇక్కడే ఉంది. ఇందులో మీకు నచ్చేది ఒకటి చెప్తాను. చిక్కుడు లేత కొసల మీద, పూల కాడల మీద నల్లగా, ఆవగింజంత చిన్నగా, గుంపులు గుంపులుగా పురుగులు అంటుకుని ఉంటాయి. దాన్నే పేనుబంక అంటారు. అవి కొసల్లోని రసం పీలుస్తాయి. అన్నీ ఆడవే. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కంటాయి, ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్ళీ కంటాయి. పీల్చిన రసంలో ఎక్కువైన తీపిని బంకగా బయటికి వదులుతాయి. ఆ తీపి కోసం చీమలు బారులు కట్టి కాడ ఎక్కుతాయి, వాటి జోలికి వచ్చిన పురుగుల్ని తరిమేస్తాయి కూడా. కాబట్టి పాదు మీద చీమల బారు కనిపిస్తే, ఆ బారు ఎక్కడికి పోతోందో చూడండి. అది ఆగినచోట పేనుబంక ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. అదే కొస మీద ఒక్కోసారి నల్లటి, పొడుగాటి పురుగు, ఒంటి మీద నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకుతూ కనిపిస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది. దాన్ని చంపకండి! అది అక్షింతల పురుగు పిల్ల. మీరు చేతి మీద పాకించుకుని ఆడుకుంటారే, గుండ్రంగా ఎర్రగా నల్ల చుక్కలతో ఉండేది, దాని పిల్లే ఇది. పెరిగి పెద్దయ్యేలోపు వందల కొద్దీ పేనుబంక పురుగుల్ని తినేస్తుంది. నేను ముందు పేనుబంక మరీ ఎక్కువగా ఉన్న కొసల్ని తుంచేస్తాను, మిగతావి పైపు నీళ్ళ ధారతో కడిగేస్తాను. అక్షింతల పురుగులు కనిపించాయా, అంతటితో చేతులు కట్టుకుని కూర్చుంటాను. అవి రాకపోతేనే లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు నీళ్ళు వేసి కొడతాను. అది మాత్రం సాయంత్రం చల్లబడ్డాకే. పొద్దున పూల మీద తేనెటీగలు ఉంటాయి, పైగా నూనె తడి మీద ఎండ పడితే ఆకు మాడుతుంది.

టమాటాకి ఇది పండగ కాలం. రాత్రిళ్ళు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పూత చక్కగా పిందె కడుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండకి పూలన్నీ రాలిపోవడం మీరు సెలవుల్లో చూశారు. టమాటా పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టుకోగలదు, దానికి కాస్త కదలిక చాలు. పదింటి వేళ పూల గుత్తిని వేలితో మెల్లగా తట్టండి. ఈ పని మీరొచ్చాక మీకే అప్పగిస్తాను. నా వేళ్ళకంటే మీ వేళ్ళు సున్నితం.

కాలీఫ్లవర్ సంగతి వేరు. దానికి చల్లదనమే కావాలి, అందుకే నారు ముందే పోసి వాన తగ్గాక నాటుకుంటాం. పువ్వు గుప్పెడంత అయ్యాక పైన ఎండ పడితే పసుపు రంగుకి తిరుగుతుంది. అందుకని దాని ఆకుల్నే నాలుగైదు పైకి వంచి, అరటి నారతో వదులుగా కట్టేస్తాను. రోజూ విప్పి చూడాలి, లోపల గొంగళి పురుగులు దాక్కుంటాయి. బజారులో దొరికే తెల్లటి పువ్వుకి మందులు కొడతారేమోనని మీ అమ్మకి ఎప్పుడూ టెన్షన్. మనది కాస్త చిన్నగా, కాస్త పసుపుగా ఉన్నా నిశ్చింతగా తినొచ్చు.

ముల్లంగి 45 రోజులకి పీకేయాలి, ఆలస్యమైతే బెండు పడుతుంది. మెంతికూర మూడో రోజుకే మొలుస్తుంది, నెల తిరక్కుండా పప్పులోకి వస్తుంది. బెండ గింజలు ఇప్పుడే పెడదామన్నారు కదా, వద్దు. చల్లటి మట్టిలో అవి మొలవకుండానే కుళ్ళిపోతాయి. రథసప్తమి వెళ్ళనివ్వండి. ఆ రోజు మీ అమ్మమ్మ చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం చేస్తుంది, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడుతుంది. ఆ రోజుల్లో పెరట్లో పుష్కలంగా ఉండేదే దేవుడికి పెట్టారు మన పెద్దవాళ్ళు. నాకు ఆ పండగంటే అందుకే ఎక్కువ ఇష్టం.

ఇక మీ బాల్కనీ. ఈ ఆదివారమే కొత్తిమీర వేయండి. చలిలో వేసింది నిదానంగా, గుబురుగా పెరుగుతుంది. ఎండాకాలంలో వేస్తే నాలుగాకులు వేసి పూతకి పోతుంది. జానెడు లోతున్న టబ్బు ఏదైనా చాలు, అడుగున నాలుగు చిల్లులు పెట్టించండి. సగం ఎర్రమట్టి, సగం బాగా మాగిన పశువుల ఎరువు. వంటింట్లోని ధనియాలే తీసుకోండి, కానీ కొత్తవై ఉండాలి. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. గుడ్డలో వేసి చపాతీ కర్రతో మెల్లగా ఒత్తితే రెండు బద్దలవుతుంది. గట్టిగా రుద్దితే పిండవుతుంది, జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, పొద్దున వరసల్లో చల్లి, పైన అర అంగుళం మట్టి కప్పండి. నీళ్ళు చేత్తో చిలకరించండి, మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి.

మొలక రావడానికి పది రోజులు పట్టొచ్చు, ఈ చలికి ఇంకో నాలుగు రోజులు కూడా. మధ్యలో తవ్వి చూడకండి. ఏ రోజు వేశారో, ఏ రోజు మొలిచిందో కాగితం మీద రాసిపెట్టండి. మొలకలు మరీ దగ్గరగా వస్తే కొన్ని పీకి చారులో వేయమనండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితంతో పాటు, మీ ఇంట్లో కొట్టే కొబ్బరికాయల పీచు పారేయకుండా ఒక సంచిలో పట్టుకురండి. క్యారెట్ తొట్లలో మట్టి మీద పరచాలి, ఇక్కడ నా దగ్గర అయిపోయింది.

మీ తాతయ్య