పాత లారీలు, పాత బస్సులు: హైదరాబాద్‌లో తరచూ వినిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత కార్లను ఇష్టపడేవారికి కొదవ లేదు. పాత లారీని, పాత బస్సును, మూలనపడిన అంబులెన్సును, రోడ్డు రోలరును అదే ఇష్టంతో చూసుకునేవారు మాత్రం ఇప్పటికీ చాలా తక్కువ. అలాంటి కొద్దిమందిమి కలిసి నడుపుకుంటున్న ఒక అభిరుచి సంఘంలో నేను మరమ్మతుల పని చూస్తుంటాను. కొత్తగా చేరడానికి వచ్చేవారు, బండి అమ్మజూపేవారు, ఒక్కోసారి ఏళ్ల తరబడి లారీలు నడిపినవారు కూడా కొన్ని మాటలను గట్టిగా నమ్మి మా షెడ్డుకు వస్తుంటారు. వాటిలో చాలావరకు కారుకు సరిపోయే కొలతను తెచ్చి లారీకి పెట్టడం వల్ల పుట్టినవే. బరువులు మోయడానికి తయారైన బండిని ఆ పనిని బట్టే అర్థం చేసుకోవాలని, ఆ పనిని బట్టే కాపాడుకోవాలని నేను నమ్ముతాను.

అపోహ: వారసత్వమంటే నిజాముల, నవాబుల కార్లే. లారీలకు, బస్సులకు చరిత్ర ఏముంటుంది?

చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ గొప్ప బండి, అందులో సందేహం లేదు. అయితే ఆ కారులో ఎక్కినవారు ఎందరు? 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ తొలి రోజుల్లో ఇక్కడి రోడ్ల మీద తిరిగాయి. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి, నేటి తెలంగాణ ఆర్టీసీకి మూలం ఆ చిన్న విభాగమే. ‘డెక్కన్ క్వీన్’ అని పేరు పడిన 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ సంస్థ సంరక్షణలో ఉండడం ఈ నగరం చేసుకున్న అదృష్టం. బస్సుల నంబర్లలో కనిపించే ‘జెడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని తరతరాలుగా చెప్పుకుంటున్నారంటే, ఆ బండ్లు జనం జ్ఞాపకంలో ఎంత లోతుగా నాటుకున్నాయో తెలుస్తుంది. 2003 వరకు నగరంలో తిరిగిన డబుల్ డెక్కర్ల పై అంతస్తులో ముందు సీటు కోసం పోటీపడినవారు ఇప్పటికీ ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఇది మన ఒక్కరి పిచ్చి కాదని కూడా చెప్పాలి. బ్రిటన్‌లో పాత వాణిజ్య వాహనాల కోసం ప్రత్యేకంగా ఒక సంఘం 1958లోనే ఏర్పడింది. లండన్ నుంచి బ్రైటన్ వరకు వారు జరిపే లారీల, బస్సుల యాత్ర 1962లో మొదలైంది. అమెరికాలో పాత అంబులెన్సులకు, శవవాహనాలకు విడిగా సంఘాలున్నాయి. ఊరికి అవసరమైన పని చేసిన ప్రతి బండీ ఆ ఊరి చరిత్రలో భాగమేనని వారు మనకంటే ముందే గుర్తించారు.

అపోహ: 50 ఏళ్లు దాటిన లారీకి వింటేజ్ నంబరు వస్తుంది, ఇక ఏ ఇబ్బందీ ఉండదు.

మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పొరబడేది ఈ విషయంలోనే. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చిన మాట నిజం. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లోనూ బాడీలోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికి రాష్ట్ర సంకేతం తరువాత ‘వీఏ’ అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు.

అయితే ఆ నిబంధనలు సొంత అవసరాలకు వాడుకునే ద్విచక్ర వాహనాలను, కార్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కిరాయికి సరుకు మోసిన లారీ, టిక్కెట్టు కొట్టి జనాన్ని చేరవేసిన బస్సు వాటి పరిధిలోకి రావు. రవాణా వాహనంగా నమోదైన బండిని రోడ్డు మీదకు తీసుకురావాలంటే ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఉండి తీరాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి దాన్ని ఏటా తెచ్చుకోవాలి, వయసు పెరిగేకొద్దీ రుసుమూ పెరుగుతుంది. అంటే పాత లారీ ఉన్న మనిషి ముందు రెండే దారులున్నాయి. ఏటా పరీక్ష నెగ్గించుకుంటూ బండిని బతికించుకోవడం ఒకటి, రోడ్డెక్కించకుండా ఆవరణలోనే ప్రదర్శనకు నిలిపి, తరలించవలసి వచ్చినప్పుడు మరో వాహనం మీద ఎక్కించి తీసుకెళ్లడం రెండోది. సొంత వాడకానికి నమోదైన పాత జీపుల విషయం వేరు, వాటి యజమానులు ఆర్సీలోని వాహన తరగతిని చదివి చూసుకోవాలి. లారీలకు, బస్సులకు కూడా పరిమిత వాడకంతో ఒక ప్రత్యేక తరగతి ఉండాలని మేము మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాము, కానీ కోరిక వేరు, నేటి చట్టం వేరు. దళారి మాట నమ్మి డబ్బు కట్టే ముందు ఆర్టీఏ కార్యాలయంలో స్వయంగా అడగండి.

అపోహ: 15 ఏళ్లు నిండితే ఏ బండైనా తుక్కే.

వయసును బట్టే డీజిల్ బండ్లను 10 ఏళ్లకు, పెట్రోలు బండ్లను 15 ఏళ్లకు రోడ్డు దించాలన్న ఆదేశాలు దిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు సంబంధించినవి, హైదరాబాద్‌కు అవి వర్తించవు. ఇక్కడ ప్రైవేటు బండి నిలబడేదీ పడిపోయేదీ ఫిట్‌నెస్ మీదే. ప్రభుత్వ బండ్ల సంగతి మాత్రం నిజంగానే కఠినమైనది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయి, అవి నమోదిత తుక్కు కేంద్రాలకు వెళ్లాలి, ఆర్టీసీ బస్సులూ అందులోనే ఉన్నాయి. ఒకప్పటిలా వేలంలో పాత బస్సును కొని దాచుకునే అవకాశం ఇప్పుడు లేదు కాబట్టి, ఏ నమూనా బస్సునైనా ముందు తరాలకు చూపించాలనుకుంటే ఆ నిర్ణయం సంస్థ లోపలే, సమయం ఉండగానే జరగాలి.

అపోహ: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బాడీ ఉంటేనే అది అసలైన బండి.

కారు విషయంలో ఈ మాటకు అర్థముంది, లారీ విషయంలో లేదు. మన దేశంలో చాలాకాలం పాటు లారీ, బస్సు ఫ్యాక్టరీల నుంచి ఛాసిస్‌గానే బయటికి వచ్చేవి. ఇంజను, గేరుబాక్సు, కమాను పట్టీలు, చక్రాలు, ముందు బానెట్టు, స్టీరింగు మాత్రమే కంపెనీవి. క్యాబిన్, తొట్టి, సీట్లు, కిటికీలు బాడీ కట్టేవారి పని. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో మొదలైన టాటా మెర్సిడెస్ లారీలైనా, 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టి 1955లో అశోక్ లేలాండ్ అయిన సంస్థ బండ్లయినా, ఒకే నమూనాకు ఊరూరా వేరు వేరు ముఖాలు రావడానికి కారణం ఇదే.

ఈ కథలో హైదరాబాద్‌కు సొంత అధ్యాయం ఉంది. నిజాం ప్రభుత్వ ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో స్థాపించిన ఆల్విన్ సంస్థను నేడు చాలామంది రిఫ్రిజిరేటర్లతోనూ చేతి గడియారాలతోనూ గుర్తుపెట్టుకున్నారు. ఆ సంస్థ బస్సు బాడీలు కూడా కట్టింది. 1980లలో నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో తేలికపాటి సరుకు బండ్లనూ తయారుచేసింది. ఆ కర్మాగారం ఆ తరువాత మహీంద్రా చేతికి వెళ్లింది. ఆల్విన్ నిస్సాన్ బండి ఏ స్థితిలో కనిపించినా వదలవద్దని నేను మా సభ్యులకు పదేపదే చెబుతుంటాను. మన ప్రాంతపు పరిశ్రమ చేతిముద్ర దాని మీద ఉంది.

అందువల్ల 1960ల ఛాసిస్ మీద 1980లలో కట్టిన బాడీ ఉంటే దాన్ని నకిలీ అనలేము, అది ఆ బండి చేసిన పనికి సాక్ష్యం. పైకప్పు మారింది, తొట్టె పొడవు పెరిగింది, పెట్రోలు ఇంజను తీసి పెర్కిన్స్ డీజిల్ ఇంజను పెట్టారు. ఈ మార్పులన్నింటికీ కారణం సరుకో, దారో, ఇంధనం ధరో అయి ఉంటుంది. వాటన్నింటినీ చెరిపేసి కొత్త బండిలా మెరిపించడాన్ని నేను పునరుద్ధరణ అనను. రంగు గీకేముందు ఒక మూల చిన్న గుండ్రంలో సన్నని ఉప్పుకాగితంతో పొర తరువాత పొర నెమ్మదిగా అరగదీస్తే, ఏ రంగు మీద ఏ రంగు పడిందో, కింద ఎవరి చేతిరాత ఉందో బయటపడుతుంది. క్యాబిన్ పక్కన రాసిన యజమాని పేరు, ఖాళీ బరువు, లోడు బరువు అంకెలు, పెయింటరు వేసిన పువ్వులు ఒకసారి పోతే తిరిగి రావు. వాటిని ముందు ఫొటో తీసి, వీలైతే అలాగే ఉంచి, తుప్పు మాత్రమే ఆపాలి.

అపోహ: గాలి బ్రేకుల బండిలో గాలి పోతే బ్రేకు దానంతట అదే పడుతుంది.

దీన్ని నమ్మడం ప్రాణాంతకం. గాలి పీడనం తగ్గగానే బలమైన స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేసే ఏర్పాటు తరువాతి కాలపు బండ్లలో ఉంటుంది. అంతకు ముందు తరం గాలి బ్రేకుల్లో గాలే బ్రేకును నొక్కుతుంది. ట్యాంకు ఖాళీ అయితే పెడలు నొక్కినా ఏమీ జరగదు, చేతి బ్రేకు కడ్డీ ఒక్కటే మిగులుతుంది. మీ బండి ఏ రకమో వెనుక బ్రేకు ఛాంబర్లను చూసి తెలుసుకోండి. బండి కదిలించే ముందు గేజీలో పీడనం నిండే వరకు ఆగండి. రోజూ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీటిని వదిలేయండి. స్ప్రింగు ఛాంబరు ఉన్నదైతే దాని పట్టీని మాత్రం మీరుగా విప్పవద్దు, లోపలి స్ప్రింగు మనిషిని చంపగలదు.

చక్రాల రింగుల గురించి ఇంతకంటే గట్టిగా చెప్పాలి. పాత లారీ డిస్కు మీద టైరును పట్టి ఉంచేది ఒక ఉక్కు రింగు. తుప్పు తిన్నదైనా, వంగినదైనా, వేరే డిస్కుదైనా, గాలి కొడుతుండగా అది ఎగిరివచ్చి తగులుతుంది. విప్పే ముందు వాల్వు లోపలి పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వాలి. బిగించిన తరువాత ఉక్కు పంజరంలో పెట్టి, పొడవైన గొట్టంతో, పక్కకు నిలబడి గాలి కొట్టాలి. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరుకు బండి మీదే గాలి కొట్టకూడదు. పాత సైనిక బండ్లలో రెండు ముక్కలను బోల్టులతో కలిపిన డిస్కులుంటాయి. టైరులో గాలి ఉండగా ఆ బోల్టులను ముట్టుకోవద్దు. పంజరం లేని పంక్చరు షాపులో మా సంఘం బండ్ల చక్రాలు విప్పించము.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. టైరు గీతలు లోతుగా ఉన్నాయని సంతోషించకుండా, పక్కగోడ మీద అచ్చయిన నాలుగంకెల తయారీ వారం, సంవత్సరం చూడాలి. రబ్బరు వయసుతోనూ చస్తుంది.

అపోహ: వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు తిప్పితే ఇంజను బాగుంటుంది.

అయిదు నిమిషాలలో పెద్ద డీజిల్ ఇంజను వేడెక్కనే వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు, ఆయిలులో కలుస్తుంది. సెల్ఫు తినేసిన కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి రాదు. నెలకోసారైనా సరే, పూర్తిగా వేడెక్కేదాకా లోడు మీద నడపాలి, లేదా బ్యాటరీ తీగ విప్పి నిశ్చింతగా నిలిపి ఉంచాలి. రేడియేటరులో బోరు నీళ్లు పోయకూడదు. మన నగరపు బోర్లలో చాలావాటి నీరు కఠినమైనది, లోపల సున్నపు పొర కడుతుంది. శుద్ధి చేసిన నీటిలో కూలెంటు కలిపి వాడాలి. పెట్రోలు బండ్లకు ఇప్పుడు కొత్త చిక్కు 20 శాతం ఇథనాల్. అది పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌లను మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది. గొట్టాలు మార్చండి, నిలిపి ఉంచే బండి ట్యాంకులో పెట్రోలు వదిలేయవద్దు.

అపోహ: విడిభాగాలు దొరకవు.

బేరింగుకు అంకె ఉంటుంది, ఆయిలు సీలుకు కొలత ఉంటుంది. బండి పేరు చెబితే లేదన్న కొట్టులోనే కొలత చెబితే దొరుకుతుంది. టాటా, లేలాండ్ పాత నమూనాల యంత్రభాగాలు రాణిగంజ్‌లోనూ వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లోనూ ఓపికగా వెతికేవారికి చిక్కుతూనే ఉన్నాయి. నిజంగా దొరకనివి కిటికీ రబ్బర్లు, లైట్ల అద్దాలు, కంపెనీ బిళ్లలు, మీటర్లు. కాబట్టి బండి కొనేటప్పుడు ఇంజను తిరుగుతుందా అనే దానికంటే ఈ చిన్న సామాను ఉందా అని చూడాలి.

అపోహ: అభిరుచి కోసమే కదా, కారు లైసెన్సుతో నడిపి తొట్టెలో స్నేహితులను ఎక్కించుకోవచ్చు.

మొత్తం బరువు 7,500 కిలోలకు మించని బండిని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో ధ్రువీకరించింది. అంతకు మించినదానికి భారీ వాహన లైసెన్సు కావాలి. సరుకు బండి తొట్టెలో మనుషులను ఎక్కించడం అభిరుచి యాత్ర అయినా తప్పే, ప్రమాదం జరిగితే బీమా చిక్కుల్లో పడుతుంది. పాత గేరుబాక్సులకు రెండుసార్లు క్లచ్ తొక్కి, మధ్యలో ఇంజను వేగం సరిచూసి గేరు మార్చే పద్ధతి అవసరం, కాబట్టి లైసెన్సు ఉన్నవారికి కూడా ముందు ఖాళీ మైదానంలో నేర్పిస్తాము.

అపోహ: సొంత బండి లేకపోతే ఈ సంఘాల్లో చేయగలిగిందేమీ లేదు.

లారీ పెట్టుకునే చోటు నగరంలో ఎంతమందికి ఉంటుంది? మా సభ్యుల్లో సగానికి పైగా బండి లేనివారే, మాకు అత్యవసరమైన పని చేస్తున్నదీ వారే. రిటైరైన డ్రైవర్లను, కండక్టర్లను, బాడీ మేస్త్రీలను కలిసి, ఏ దారిలో ఏ బండి తిరిగేదో, ఏ మలుపులో ఏ గేరు పడేదో వారి మాటల్లోనే రికార్డు చేస్తున్నారు. పాత ఆర్సీలు, పర్మిట్లు, ట్రిప్పు షీట్లు, టిక్కెట్లు, దారి బోర్డులు సేకరిస్తున్నారు. మీ ఇంట్లో ఎవరైనా లారీ యజమానిగానో, ఆర్టీసీ ఉద్యోగిగానో పనిచేసి ఉంటే, అటక మీది కాగితాల మూటను పాత పేపర్ల వాడికి వేసే ముందు ప్రతి కాగితాన్నీ రెండువైపులా స్కాన్ చేయండి. ఫొటోల వెనుక బండి నంబరు, ఊరు, సంవత్సరం, పక్కన నిలబడినవారి పేర్లు పెన్సిలుతో రాసి పెట్టండి.