ఇల్లు ఇప్పించలేను, కానీ చేతులు కట్టుకుని కూర్చోలేదు: ఐర్లండ్ కౌన్సిలర్ల గురించి అపోహలు - వాస్తవాలు

గుంటూరు నుంచి ఫోన్ వస్తే మా పెద్దమ్మ ముందు అడిగేది ఆరోగ్యం గురించి కాదు. “కౌన్సిలర్‌వి అయ్యావంట కదరా, కారు ఇచ్చారా?” అంటుంది. ఇవ్వలేదు, సైకిల్ కూడా ఇవ్వలేదు. 2021 జూలై నుంచి ఏడాదికి 25,788 యూరోల జీతం అని ఖరారు చేశారు. అంతకుముందు అదీ లేదు, సుమారు 17 వేల యూరోల భత్యం ఉండేది. అందుకే నాలాంటి చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, శనివారాలు ఈ పని చేస్తుంటాం.

నేను ఐర్లండ్‌లో మన జిల్లా పరిషత్ లాంటి ఒక కౌంటీ కౌన్సిల్‌లో అడుగుపెట్టింది 2020లో. జనం ఓట్లతో గెలిచింది మాత్రం 2024 జూన్‌లో. ఈ రెండు తేదీల మధ్య తేడా ఏమిటో కింద చెబుతాను. ఏ కౌంటీ, ఏ పార్టీ అని చెప్పను. చెబితే ఇందులో సగం రాయలేను.

దేశం మొత్తానికి 31 కౌన్సిళ్లు, 949 మంది కౌన్సిలర్లు. 2022 జనాభా లెక్కలతో చూస్తే సుమారు 5,400 మందికి ఒకరం. 2014 దాకా 1,627 మంది ఉండేవారు. ఆ ఏడాది చిన్న పట్టణాలకున్న 80 టౌన్ కౌన్సిళ్లను ఒక్క చట్టంతో ఎత్తేశారు.

అపోహ: కౌన్సిలర్ తలుచుకుంటే కౌన్సిల్ ఇల్లు వచ్చేస్తుంది

నా క్లినిక్‌కి (ఇక్కడ కౌన్సిలర్ జనాన్ని కలిసే గంటల్ని క్లినిక్ అంటారు) వచ్చేవాళ్లలో ఎక్కువమంది కౌన్సిల్ తక్కువ అద్దెకి ఇచ్చే ఇంటి కోసమే వస్తారు. ఏ ఇల్లు ఏ కుటుంబానికి ఇవ్వాలన్నది అధికారుల పని. అందులో కౌన్సిలర్‌కి ఓటు లేదు, మాట లేదు. వరస ఎలా నిర్ణయించాలన్న కేటాయింపు నియమాల మీద మాత్రం మేం ఓటేస్తాం. ఒక్కో దరఖాస్తు మీద కాదు.

మేం చేయగలిగింది ఉత్తరం రాయడం. దీన్ని అందరూ ‘రెప్స్’ అంటారు. ఉత్తరం వెళ్తుంది, అందిందని జవాబు వస్తుంది, ఫైలు ఎక్కడుందో తెలుస్తుంది. ఒక్కోసారి దారితప్పిన కాగితం దొరుకుతుంది. అది కూడా సాయమే, కాదనను.

కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక కుటుంబం కోసం ఉత్తరం రాసిన మూడు నెలలకి వాళ్లకి ఇల్లు వచ్చింది. స్వీట్ బాక్స్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పదకొండేళ్లుగా లిస్టులో ఉన్నారు, వాళ్ల వంతు వచ్చింది, అంతే. “నేను చేసిందేమీ లేదండీ” అని చెప్పాల్సింది. నోరు రాలేదు. స్వీట్లు తిన్నాం. తర్వాతి ఎన్నికల్లో ఆ వీధిలో నా పోస్టర్ కట్టింది వాళ్లే.

అపోహ: అయితే కౌన్సిలర్ చేతిలో ఏమీ ఉండదు

దీన్ని ప్రచారం చేసేది మేమే. రోడ్డు మీద గుంత పూడ్చకపోతే “అంతా చీఫ్ ఎగ్జిక్యూటివ్ చేతిలో ఉంది, మాదేముంది” అనేస్తాం. ఇందులో సగం నిజం. 1929లో కార్క్ నగరంతో మొదలుపెట్టి, 1942కల్లా కౌంటీలన్నిటికీ మేనేజర్ పద్ధతి వచ్చింది. ఆ మేనేజర్నే ఇప్పుడు చీఫ్ ఎగ్జిక్యూటివ్ అంటున్నారు. రోజువారీ పాలన, ఉద్యోగులు, కాంట్రాక్టులు, విడివిడి ఇంటి అనుమతులు అన్నీ ఆయనవి. మన దగ్గర మున్సిపల్ కమిషనర్ లాంటి వారే అనుకోండి, పట్టు మాత్రం ఇంకా గట్టిది. ఇక మంచినీళ్లు 2014లో జాతీయ సంస్థకి వెళ్లిపోయాయి. బడులు, ఆసుపత్రులు, పోలీసులు ఇప్పుడు మావి కావు.

మిగతా సగం ఎవరూ చెప్పరు. చట్టం కొన్ని అధికారాలను కౌన్సిలర్లకే కేటాయించింది. వీటిని ‘రిజర్వుడ్ ఫంక్షన్లు’ అంటారు. ఏటా బడ్జెట్ ఆమోదించేది మేం. ఇంటి ఆస్తి పన్నును ఒక పరిమితి మేరకు పెంచాలో తగ్గించాలో తేల్చేది మేం. ఏ పొలం పొలంగానే ఉండాలి, ఏ పొలంలో ఇళ్లు లేవాలి అని చెప్పే అభివృద్ధి ప్రణాళిక మీద ఓటేసేది మేం. బడ్జెట్ ఆమోదించకుండా మొండికేస్తే మంత్రి కౌన్సిలర్లనే తీసేయవచ్చు. 1969లో డబ్లిన్ కార్పొరేషన్‌ని అలాగే రద్దు చేశారు. 1974 దాకా అక్కడ ఎన్నికైన కౌన్సిలే లేదు.

నిజంగా మా చేతిలో ఏమీ లేకపోతే మాకు లంచం ఎవడిస్తాడు? డబ్లిన్ చుట్టుపక్కల భూముల జోనింగ్ (ఏ భూమిని దేనికి వాడాలన్న వర్గీకరణ) మార్పించడానికి కౌన్సిలర్లకు డబ్బు ముట్టిందన్న ఆరోపణల మీద 1997లో ట్రిబ్యునల్ వేశారు. నడిపిన జడ్జిల పేర్ల మీద మొదట ఫ్లడ్ ట్రిబ్యునల్ అన్నారు, తర్వాత మాన్ ట్రిబ్యునల్. తుది నివేదిక 2012 మార్చిలో వచ్చింది. డెవలపర్ల తరఫున కౌన్సిలర్లకు కవర్లు అందించిన లాబీయిస్ట్ ఫ్రాంక్ డన్‌లప్ 2009లో నేరం ఒప్పుకుని జైలుకి వెళ్లాడు. కౌన్సిలర్లు చేయెత్తితే గడ్డి మేసే పొలం రాత్రికి రాత్రి కోట్ల ఆస్తి అవుతుంది.

1955 నాటి స్థానిక పాలన చట్టంలోని సెక్షన్ 4 కూడా అలాంటిదే. మేనేజర్‌కి ఇష్టం లేకపోయినా ఫలానా వాళ్లకి అనుమతి ఇవ్వాలని కౌన్సిలర్లు తీర్మానం చేసి ఆదేశించే వీలు ఉండేది. కొన్ని కౌంటీల్లో దీన్ని విచ్చలవిడిగా వాడారు. 2014లో ప్లానింగ్ విషయాలను దాని పరిధి నుంచి తప్పించారు. జోనింగ్ మీద ఇప్పుడు రెగ్యులేటర్ కన్ను ఉంది, అవసరమైతే మంత్రి అడ్డుకుంటారు. అయినా మొదటి ఓటు మాదే.

ఆస్తి పన్ను సంగతి చెబితే నా పరువు ఇంకాస్త పోతుంది. ఒక ఏడాది పన్ను తగ్గించాలని మా గ్రూపు నిర్ణయించింది. నేనూ చేయెత్తాను. కరపత్రంలో “మీ పన్ను తగ్గించాం” అని వేసుకున్నాం. మరుసటి మార్చిలో ఒక బడి పక్కన ఫుట్‌పాత్ వేయడానికి నిధులు లేవని ఇంజనీరు చెప్పారు. “ఇదెక్కడి అన్యాయం” అని మీటింగ్‌లో గొంతు పెంచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ఇంజనీరు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పాపం, అధికారులు తిరిగి మాట అనరు.

అపోహ: పార్టీ విప్ కాదంటే, పార్టీ మారితే సీటు పోతుంది

మనవాళ్లకి ఫిరాయింపుల చట్టం బాగా తెలుసు కాబట్టి ఇక్కడా అలాగే అనుకుంటారు. ఐర్లండ్‌లో అలాంటి చట్టం లేదు. పార్లమెంటు దిగువ సభలో (దాన్ని డోల్ అంటారు, సభ్యుల్ని టీడీలంటారు) విప్ చాలా కఠినంగా ఉంటుంది. ధిక్కరిస్తే పార్టీ నుంచి బయటికి పంపుతారు, సభ నుంచి కాదు. కౌన్సిల్లోనూ అంతే. నేను రేపు రాజీనామా చేసి ఇండిపెండెంట్‌నని ప్రకటించుకుంటే సీటు నాతోనే వస్తుంది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. నేను చనిపోయినా, కౌన్సిల్‌కి రాజీనామా చేసినా, టీడీ అయినా ఉప ఎన్నిక జరగదు. ఏ పార్టీ టికెట్ మీద గెలిచానో ఆ పార్టీ ఒకరి పేరు ఇస్తుంది, కౌన్సిల్ ఆమోదిస్తుంది. దీన్ని కో-ఆప్షన్ అంటారు. అంటే నేను పార్టీ మారితే సీటు నాది, పోతే పార్టీది. ఓటరు ఊసు రెండు చోట్లా లేదు.

నేను వచ్చింది ఈ దారినే. 2003 చట్టం తర్వాత ఒకే మనిషి అటు టీడీగా, ఇటు కౌన్సిలర్‌గా ఉండే వీల్లేదు. 2020 ఫిబ్రవరి ఎన్నికల్లో మా ప్రాంత కౌన్సిలర్ డోల్‌కి వెళ్లడంతో ఖాళీ వచ్చింది. ఒక హోటల్ గదిలో ముప్పై మంది పార్టీ సభ్యులు కూర్చుని నా పేరు ఖాయం చేశారు. నాలుగేళ్ల పాటు నేను జవాబు చెప్పుకోవాల్సింది ఎవరికి? ఆ ముప్పై మందికా, నా పేరే వినని ఇరవై వేల మందికా? 2024లో మొదటిసారి గుమ్మాలు తడుతున్నప్పుడు ఒకావిడ “ఇన్నేళ్లూ మీరే మా కౌన్సిలరా?” అని నిజంగానే ఆశ్చర్యపోయింది.

అపోహ: అసలు పోటీ ఎదుటి పార్టీతో

అసలు పోటీ సొంత పార్టీవాడితోనే. ఇక్కడ ఒక్కో ప్రాంతానికి ఎక్కువగా ఐదు నుంచి ఏడు సీట్లుంటాయి. ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని తన ఇష్టం వచ్చిన వరసలో నంబర్లు వేస్తాడు. ఆరు సీట్లు, చెల్లిన ఓట్లు 12,000 అనుకుందాం. 12,000ని ఏడుతో (సీట్ల కన్నా ఒకటి ఎక్కువ) భాగించి, భిన్నం వదిలేసి, ఒకటి కలిపితే కోటా 1,715. దాన్ని అందుకున్నవాడు గెలిచినట్టు. అతని మిగులు ఓట్లు, తర్వాత అడుగున ఉండి ఔటైనవాళ్ల ఓట్లు, తరువాతి నంబరు ఉన్నవాళ్లకి బదిలీ అవుతాయి. పార్టీ ఓట్లలో ఒకటిన్నర సీటుకే సరిపోయేవి ఉంటే ఇద్దరు అభ్యర్థుల్లో ఒకరు మునిగినట్టే. అందుకే ఎవరు ఏ వీధిలో ప్రచారం చేయాలో పార్టీ గీత గీస్తుంది. చీకటి పడ్డాక ఆ గీత దాటని అభ్యర్థిని నేనింకా చూడలేదు. నేనూ దాటాను.

లెక్కింపు రోజు టాలీ మనుషులు రెయిలింగ్‌కి ఆనుకుని, బాక్సు తెరిచేటప్పుడే ఎవరికి ఎన్ని పడ్డాయో పెన్సిలుతో గీసుకుంటారు. అన్ని పార్టీల వాళ్లూ ఆ లెక్కలు పంచుకుంటారు. రాత్రి రెండు దాటాక ఆఖరి సీటు నాకు వచ్చింది, కోటా అందకుండానే, మిగిలినవాళ్లలో నాకే ఎక్కువ ఓట్లున్నాయి కాబట్టి. నన్ను గట్టెక్కించినవి వేరే పార్టీ ఆవిడ ఔటైనప్పుడు వచ్చిన బదిలీ ఓట్లు.

మనవాళ్లు కొందరు “నీకు 1 వేసి ఆపేశాం, ఇంకొకరికి వేస్తే నీకు దెబ్బ కదా” అన్నారు. దెబ్బేమీ లేదు. నా లెక్క తేలేదాకా మీ రెండో నంబరు వైపు ఎవరూ చూడరు. ఆపేస్తే నేను ఔటైన క్షణాన మీ ఓటు కూడా పక్కకి వెళ్లిపోతుంది.

అపోహ: పౌరసత్వం వస్తేగానీ ఓటు రాదు

డోల్ ఎన్నికలకి, బ్రిటిష్ పౌరుల్ని మినహాయిస్తే, అది నిజం. స్థానిక ఎన్నికలకి కాదు. ఇక్కడ నివసిస్తూ 18 ఏళ్లు నిండి, ఓటరుగా నమోదైతే చాలు, ఏ దేశస్థులైనా ఓటేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు. వర్క్ పర్మిట్ మీదున్న తెలుగువాళ్లు వందమందిని అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో.

అపోహ: అంతర్యుద్ధం నాటి రెండు పార్టీలూ కౌన్సిల్లో కొట్టుకుంటాయి

ఫియనా ఫాల్, ఫీన గేల్ (దీన్ని ‘ఫైన్’ అని చదివి నేను మొదటి నెలలోనే నవ్వులపాలయ్యాను) 1922-23 అంతర్యుద్ధంలో ఎదురెదురుగా నిలిచినవాళ్ల వారసత్వం నుంచి పుట్టినవి. 2020 నుంచి ప్రభుత్వంలో కలిసే ఉన్నాయి. 2024లో ఒకదానికి 248, ఇంకోదానికి 245 కౌన్సిల్ సీట్లు. చాలా కౌన్సిళ్లలో ఎన్నికలయ్యాక మొదటి వారం ఫోన్లు మోగుతాయి. ఐదేళ్లలో ఏ ఏడాది ఎవరు చైర్, ఏ కమిటీ ఎవరిది అని పొత్తు కుదురుతుంది. అందులో ఇండిపెండెంట్లు కూడా ఉంటారు. కరపత్రాల్లో ఎవరూ రాయని ఒప్పందం ఇదే, బడ్జెట్ ఓట్లు చాలావరకు దీని ప్రకారమే పడతాయి. మేయర్‌ని ఇలా పొత్తుతో కాకుండా జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతికి 2019లో లిమరిక్ ఓటర్లు ఒప్పుకున్నారు, కార్క్, వాటర్‌ఫర్డ్ కాదన్నాయి. లిమరిక్‌లో 2024 జూన్‌లో ఆ ఎన్నిక జరిగింది.

మాకు గౌరవం దక్కే రోజులూ ఉన్నాయి. పార్లమెంటు ఎగువ సభ సెనేట్‌లోని 60 సీట్లలో 43కి ఓటర్లు మేమూ, టీడీలూ, సెనేటర్లూ. ఆ కొన్ని వారాలు దేశం నలుమూలల నుంచి అభ్యర్థులు కారేసుకుని మా ఇంటికి వచ్చి టీ తాగుతారు. మా ఆవిడ చేసిన పకోడీలు ఆ నెలలో సెనేట్ సగం తిని ఉంటుంది.

అపోహ: గెలిచాక ఐదేళ్లు అడిగే దారి లేదు

దారులున్నాయి, నడిచేవాళ్లు తక్కువ. మా ఆస్తులు, ప్రయోజనాల వివరాలు ఏటా ఇవ్వాలి, ఆ రిజిస్టర్ ఎవరైనా చూడవచ్చు. 2015 సెప్టెంబరు నుంచి మమ్మల్ని లాబీయింగ్ చేసినవాళ్లు రిజిస్టర్‌లో రాయాలి. మీటింగ్ మినిట్స్ బయట ఉంటాయి. చిక్కేమిటంటే చాలా తీర్మానాలు “ఫలానావారు ప్రతిపాదించారు, ఫలానావారు బలపరిచారు, ఆమోదం” అని ముగుస్తాయి. ఎవరు ఎటు ఓటేశారో అందులో ఉండదు. పేర్లు పిలిచి ఓట్లు నమోదు చేయమని ఎవరైనా అడిగితేనే ఉంటుంది. అడగకపోవడంలో మా అందరికీ సుఖముంది.

పోయిన చలికాలం క్లినిక్‌కి డెబ్బై దాటిన ఒక రైతు వచ్చాడు. గుంత గురించి అనుకుని డైరీ తీశాను. ఆయన జేబులోంచి మడతపెట్టిన మినిట్స్ కాగితాలు తీశాడు. పన్ను తగ్గింపు మీద పేర్లు పిలిచి తీసుకున్న ఓటు అది, నా పేరు కింద పెన్నుతో గీత ఉంది. “ఇలా ఎందుకు వేశావు?” అన్నాడు. ఆరేళ్లలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. పార్టీ గ్రూపు నిర్ణయం అన్నాను.

“నేను పార్టీకి వేయలేదయ్యా, నీకు మూడో నంబరు వేశాను” అని కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.