ఎండాకాలం గాలి తీసేయాలా? టూరింగ్ టైర్ల మీద నాకు రోజూ వినిపించే అపోహలు

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, నా బైకు టైర్ల షాపు ముందు బండి ఆపి స్టాండైనా వేయకుండా అడుగుతారు. "అన్నా, ఎండలు ముదిరినయ్, వెనక టైర్ల ఒక ఐదు పాయింట్లు తీసెయ్." పాయింట్లంటే పీఎస్ఐ, టైర్లో గాలి ఒత్తిడి లెక్క. నేను తీయను. కొందరు అలిగి పక్కనున్న పంక్చర్ డబ్బా దగ్గరికి పోయి తీయించుకుంటారు. వర్షాలు మొదలయ్యేసరికి అవే టైర్లు మళ్ళీ నా దగ్గరికి వస్తాయి, మార్చడానికి. ప్రతి ఏడూ ఇదే తంతు. నోరు నొప్పి పుట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

నేను ఎక్కువగా బిగించేవి స్పోర్ట్ టూరింగ్ టైర్లు, అంటే దూర ప్రయాణాలకీ వంపులకీ పనికొచ్చేవి. మిషెలిన్ రోడ్, పిరెల్లీ ఏంజెల్ జీటీ, మెట్జెలర్ రోడ్‌టెక్, ఆ తరహావి, 17 అంగుళాల రేడియల్స్. జత వేయించుకోవాలంటే చాలామంది నెలల తరబడి డబ్బు దాచుకుంటారు. అలాంటి టైరును వాట్సాప్ మెసేజ్ నమ్మి పాడు చేసుకుంటుంటే నాకు కడుపు మండుతుంది.

అపోహ: ఎండకు గాలి వ్యాకోచిస్తుంది. తక్కువ కొట్టించకపోతే టైరు పేలుతుంది.

ఇందులో మొదటి మాట నిజమే. అందుకే జనం రెండోదీ నమ్మేస్తారు.

మీ బండికి వెనక 36 అని రాసి ఉందనుకోండి. అది చల్లటి టైరు లెక్క. పొద్దున్నే బండి తీయకముందు 36 ఉంటే, మే నెలలో గంటసేపు హైవే మీద పోయాక 40, 41 చూపిస్తుంది. చూపించాలి కూడా. ఆ పెరుగుదలను ముందే లెక్కేసుకునే కంపెనీవాళ్ళు 36 అని రాశారు. ఆ నాలుగైదు పాయింట్లకు పేలిపోయేలా ఏ టైరునూ తయారు చేయరు.

మరి టైరును చంపేది ఏది? వేడి. ఆ వేడి ఎక్కువగా పుట్టేది తారు మీద కాదు, టైరు లోపలే. ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచి చూడండి, వంగినచోట చెయ్యి చురుక్కుమంటుంది. గాలి తక్కువున్న టైరు సంగతీ అంతే. నేలకు తగిలినప్పుడల్లా సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, వంగి లేస్తుంది. వంద స్పీడులో వెనక చక్రం సెకనుకి దాదాపు 14 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ వంగుతుంది. దానికి వెనక మనిషి, రెండు శాడిల్ బ్యాగులు, 60 డిగ్రీలు దాటిన తారు తోడైతే ఇంక చెప్పేదేముంది. పేలుతుందని భయపడి గాలి తీసేసినవాడే టైరును పేలే దారిలో పెడుతున్నాడు.

రెండేళ్ళ కింద మే నెలలో ఒక జంట వచ్చారు. 650 బండి, శ్రీశైలం పోయొచ్చారు. "అన్నా, ఘాట్ల బండి మాట వింటలేదు. హ్యాండిల్ బరువు, వంపుల తేలినట్టు అయితుంది" అన్నాడు కుర్రాడు. బండి రాత్రంతా షాపులోనే ఉంచి పొద్దున గేజీ పెడితే వెనక 27. కథంతా అడిగితే బయటికొచ్చింది. పోయేటప్పుడు కల్వకుర్తి దగ్గర బంకులో చెక్ చేస్తే 41 ఉందట, కంగారుపడి 36కి దింపించాడు. అది వేడి టైరు కాబట్టి, చల్లారితే మిగిలేది 31. తిరుగు ప్రయాణంలో ఎండ ఇంకా మండుతోందని మరో నాలుగు తీయించాడు.

టైరు ఊడదీసి లోపల చెయ్యి పెడితే కాటుకలాంటి నల్లటి పొడి. సైడ్‌వాల్ లోపలి రబ్బరు అరిగి రాలిన పొడి అది. చుట్టూ వలయంలా గీత పడింది. బయట చూస్తే గాడులు నిక్షేపంగా ఉన్నాయి, 7,000 కిలోమీటర్లు కూడా తిరగలేదు. "ఇంత ట్రెడ్ ఉంది కదన్నా" అని అతను ఒకటే బాధ. ఆ అమ్మాయి మాత్రం ఆ పొడిని వేలితో ముట్టుకుని చూసి, "కొత్తది వేయండన్నా" అంది. నేనూ దాన్ని తిరిగి ఎక్కించేవాణ్ని కాదు.

అతన్ని తిట్టలేదు. ఎందుకంటే లారీ టైర్ల షాపులో పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఎండాకాలం అడిగినవాళ్ళందరికీ గాలి తీసినవాణ్నే. ఉస్తాద్ తీయమన్నాడు, తీశాం. ఎందుకని అడిగితే చెంప పగిలేది. మావాడు బైకు మీద పోతున్నాడని ఫోన్ చేసి గాలి సంగతి అడిగే నాన్నలున్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. తెలియకపోయినా తెలిసినట్టు మెసేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్ళతోనే నా గొడవ.

చేయాల్సింది చిన్న పని. సొంత గేజీ ఒకటి కొనుక్కుని సీటు కింద పడేయండి, బంకు గేజీలు ఒక్కోటి ఒక్కో లెక్క చెబుతాయి. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎంత ఉండాలో మాన్యువల్లోనో, చైన్ కవర్ మీదో రాసి ఉంటుంది. టైరు సైడ్‌వాల్ మీద ఉండే మ్యాగ్జిమమ్ అంకె అది కాదు. దారిలో తగ్గిందనిపిస్తే కొట్టించండి. వేడి టైర్లోంచి మాత్రం తీయకండి.

అపోహ: ట్రెడ్ ఉంది కాబట్టి టైరు బాగున్నట్టే.

విజయవాడ హైవే మీద వారంవారం తిరిగేవాళ్ళు ఇది చదవాలి. బైకు టైరు గుండ్రంగా ఉంటుంది, ఆ గుండ్రం మీదే బండి ఒరుగుతుంది. నిటారుగా వందల కిలోమీటర్లు పోతే నడిమధ్యే అరిగి చదునవుతుంది. పక్కలు కొత్తవే. టూరింగ్ టైర్లలో చాలావాటికి మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తది వేసేది ఇందుకే. అయినా అరుగుదల నెమ్మదిస్తుందే కానీ ఆగదు. చదునైన టైరు మీద బండి ఒరగనని మొండికేసి, అంచు దాటగానే ఒక్కసారిగా పడిపోతున్నట్టు దిగుతుంది.

రోజుకింత చొప్పున మారేసరికి మనకు తెలియదు. తెలియకుండానే హ్యాండిల్ కాస్త గట్టిగా నెట్టడం అలవాటైపోతుంది. ఒకాయన ఇలాగే ఎక్కడో కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు) మార్పించి, ముందు ఫోర్క్ ఆయిల్ మార్పించి, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ బుష్‌ల దాకా వచ్చి నా దగ్గర ఆగాడు. టైరు మీద అరచెయ్యి ఆనించి చూడమన్నాను. బల్ల మీద చెయ్యి పెట్టినట్టుందన్నాడు. కొత్తది వేశాక ఒక రౌండు కొట్టొచ్చి, కోన్ సెట్ డబ్బులు తలుచుకుని నవ్వలేక నవ్వాడు.

కొత్త టైరు వేయించిన రోజే దాని వంపుకి సరిగ్గా అతికేలా ఒక అట్టముక్క కత్తిరించి దాచుకోండి. నెలకోసారి ఆనించి చూస్తే మధ్యలో సందు కనిపిస్తుంది. ముందు టైరుది వేరే రోగం. గాలి తక్కువున్నా, షాక్‌లు నీరసించినా గాడుల అంచులు రంపపు పళ్ళలా లేస్తాయి. వేలితో అటూ ఇటూ నిమిరితే తెలుస్తుంది.

మిగతావి గబగబా.

నైట్రోజన్ పోస్తే అద్భుతం అంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఉచితంగా పోస్తే పోయించుకోండి.

వెడల్పు టైరు వేస్తే గ్రిప్ పెరుగుతుందట. సన్న రిమ్ముకి వెడల్పు టైరు వేస్తే పక్కలు నొక్కుకుపోయి ఆకారమే మారిపోతుంది. చూడ్డానికి బాగుంటుందంటే మీ ఇష్టం.

గాడులు ఎక్కువుంటే గ్రిప్ ఎక్కువ అనుకోకండి. అవి నీళ్ళు బయటికి తోయడానికి. పొడి రోడ్డు మీద పట్టేది రబ్బరే.

కొత్త టైరు జారుతుందన్నది మాత్రం నిజం. మొదటి 150 కిలోమీటర్లు బ్రేకూ వంపూ మెత్తగా.

టైరు అంచులు అరగలేదని, అంటే వంపుల్లో బండిని బాగా ఒరిగించలేడని, స్నేహితులు వెక్కిరిస్తున్నారని ఒక తమ్ముడు ఇసుక కాగితంతో రుద్దుకొచ్చాడు. దాని గురించి ఇంకేం రాయను.

తక్కువ ధరకు వచ్చిందని ఆన్‌లైన్‌లో కొని తెచ్చేవాళ్ళు సైడ్‌వాల్ మీద నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గోడౌన్‌లో కూర్చున్నా రబ్బరు ముసలిదవుతుంది.

అందరూ చివరగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు వస్తదన్నా?" అనే. ఒకే టైరు, ఒకే మోడల్ బండ్లు రెండింటికి ఒకే వారంలో వేశాను. ఒకటి 8,000కే మార్చడానికి వచ్చింది, ఇంకోటి 13,000 దాటి తిరుగుతోంది. రెండోవాడు పొద్దున్నే గేజీ పెట్టి, ఆ అంకెను ఫోటో తీసి నాకు పంపుతుంటాడు. ఆదివారం ఆరింటికి కూడా.