ఫుడ్ స్టాంపులకు 80 గంటల షరతు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం కార్డు మీద ఇచ్చే ‘స్నాప్’ సాయాన్ని మనం ఫుడ్ స్టాంపులంటాం. దానికి దరఖాస్తులు నింపిపెట్టడం నా పని. ఈ సాయం ఆగకుండా రావాలంటే కొందరు నెలకు 80 గంటలు పని చేయాలనే షరతు ఉంది. 2025 జులై 4న వచ్చిన కొత్త చట్టం దాన్ని ఇంకా ఎక్కువమందికి పెట్టాక అందరిలో టెన్షన్ పెరిగింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. గ్యాస్ స్టేషన్లో, మోటెల్లో పనిచేసేవాళ్లు, భర్త నుంచి విడిపోయి పిల్లలతో ఉంటున్న ఆడవాళ్లు. వాళ్లలో కొందరు ఎవరో చెప్పిన మాట విని, హక్కు ఉండి కూడా కార్డు వదిలేసుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పని షరతు కుర్రవాళ్లకే, యాభై దాటితే వర్తించదు.

ఒకప్పుడు అంతే. 1996 చట్టం ఈ షరతును 18 నుంచి 49 ఏళ్ల వాళ్లకే పెట్టింది. 2023లో వచ్చిన చట్టం దాన్ని మెల్లగా 54 దాకా పెంచింది. ఇప్పుడు 64 నిండినవాళ్లు కూడా ఇందులోకే వస్తారు, 65 వస్తేనే బయటపడతారు. ఇంట్లో 18 లోపు పిల్లలుంటే ఇదివరకు మినహాయింపు ఉండేది. ఇప్పుడు పిల్లల వయసు 14 లోపు ఉండాలి. ఇల్లు లేనివాళ్లకు, మాజీ సైనికులకు 2023లో ఇచ్చిన మినహాయింపులు కూడా తీసేశారు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. రోడ్డు పక్కన పడుకునే మనిషి తన పని గంటల కాగితాలు ఎక్కడ దాచుకుంటాడు?

అపోహ: జీతం వచ్చే ఉద్యోగం ఉంటేనే లెక్క.

కాదు. నెలకు 80 గంటలు కావాలి. అది జీతం పని కావచ్చు, సొంత వ్యాపారం కావచ్చు, గుర్తింపు ఉన్న శిక్షణ కావచ్చు, వాలంటీర్ పని కావచ్చు. అన్నీ కలిపి చూపించినా ఒప్పుకుంటారు. 80 గంటలు లేకపోయినా కార్డు ఆ రోజే ఆగిపోదు, 36 నెలల్లో 3 నెలలు ఇస్తారు. ఆ తర్వాతే ఆపేస్తారు. అప్పుడు కూడా ఆగేది ఆ మనిషి వాటా మాత్రమే, పిల్లల వాటా రావాల్సిందే.

గ్యాస్ స్టేషన్లో పనిచేసే 57 ఏళ్ల అన్నగారొకరికి షిఫ్టులు తగ్గించి వారానికి 16 గంటలు చేశారు. అంటే నాలుగు వారాలకు 64. మిగతా 16 గంటల కోసం, లేనివాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే ఒక ఫుడ్ ప్యాంట్రీలో బియ్యం, పప్పుల సంచులు సర్దే వాలంటీర్ పనికి కుదిరారు. గంటలు సరిపోయాయి కానీ రుజువు దగ్గర చిక్కొచ్చింది. ఆయన పే స్టబ్ (జీతం చీటీ) మీద డాలర్లున్నాయి, గంటలు లేవు. ఏ వారం ఎన్ని గంటలు చేశారో ఓనరు చేత ఉత్తరం రాయించాం. ప్యాంట్రీలో వచ్చిన టైము, వెళ్లిన టైము రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టించుకున్నాం. రెండూ కలిపి పంపితే పనైపోయింది.

నా అనుభవంలో చాలామందికి పని ఉంటుంది, కాగితమే ఉండదు. 2018లో అర్కన్సాస్ రాష్ట్రం, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌కి ఇలాంటి షరతే పెడితే దాదాపు 18 వేలమంది కవరేజీ పోగొట్టుకున్నారు. వాళ్లలో పని చేస్తున్నవాళ్లు, మినహాయింపు ఉన్నవాళ్లు ఎందరో.

అపోహ: డిజేబిలిటీ పెన్షన్ వస్తేనే అనారోగ్యం కింద మినహాయింపు.

పెన్షన్ అక్కర్లేదు. శరీరం గానీ మనసు గానీ పనికి సహకరించడం లేదని డాక్టరో నర్సో రాసిస్తే సరిపోతుంది. గర్భిణులకు, మంచం పట్టిన మనిషిని చూసుకునేవాళ్లకు కూడా ఈ షరతు లేదు. అడగకపోతే ఆఫీసు దానంతటది గుర్తుపట్టకపోవచ్చు, మీరే చెప్పాలి.

అపోహ: అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు వచ్చింది, ఇక ఫుడ్ స్టాంపులు వస్తాయి.

ఎక్కువమంది పెద్దవాళ్లకు గ్రీన్ కార్డు వచ్చాక ఐదేళ్లు ఆగాలి. ఆ తర్వాత కూడా స్పాన్సర్ చేసిన కొడుకు లేదా కూతురి ఆదాయం వాళ్ల లెక్కలో కలుపుతారు. ఒకే ఇంట్లో కలిసి వండుకుని తింటుంటే ఎలాగూ అందరిదీ ఒకే లెక్క. హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు ఈ సాయం ఎప్పుడూ లేదు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లల తరఫున వాళ్లు దరఖాస్తు చేయొచ్చు. కొత్త చట్టంతో పెద్ద దెబ్బ తగిలింది శరణార్థులకు, అసైలం పొందినవాళ్లకు. గ్రీన్ కార్డు వచ్చేదాకా వాళ్లకు అర్హత పోయింది.

గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ సాయం మీదే బతుకుతారనుకున్నవాళ్లకు గ్రీన్ కార్డు నిరాకరించే నియమాన్ని పబ్లిక్ చార్జ్ రూల్ అంటారు. 2022 నాటి ఆ రూల్‌లో ఫుడ్ స్టాంపులను లెక్కలోకి తీసుకోరు. ఆ రూల్‌ను తీసేయాలని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. కాబట్టి ఇమిగ్రేషన్ కేసు నడుస్తుంటే ముందు లాయరుని అడగండి.

అపోహ: ఆపేస్తూ నోటీసు వచ్చిందంటే ఇంక చేసేదేమీ లేదు.

ఆఫీసు నిర్ణయాన్ని మళ్లీ విచారించమని 90 రోజుల్లోపు ‘ఫెయిర్ హియరింగ్’ అడగొచ్చు. సాయం ఆగే తేదీ నోటీసులోనే ఉంటుంది. ఆ తేదీకి ముందే హియరింగ్ అడిగితే, మీకు సాయం మంజూరు చేసిన గడువు ఇంకా మిగిలుంటే, తీర్పు వచ్చేదాకా పాత మొత్తమే వస్తుంది. ఓడిపోతే ఆ డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు, అది ఆలోచించుకుని అడగండి. ఆఫీసులో ఇంగ్లిష్‌తో ఇబ్బందైతే తెలుగు దుబాసీ కావాలని చెప్పండి, దానికి మీరు పైసా కట్టక్కర్లేదు.