కంట్రోలు బియ్యం వెనుక జొన్నల కథ

2025 ఉగాది నాడు, మార్చి 30న, సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రేషన్ కార్డులపై సన్నబియ్యం పథకాన్ని ప్రారంభించారు. మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితం. దొడ్డుబియ్యం ఇచ్చిన రోజుల్లో వాటిని తినలేక దళారులకు చవకగా అమ్ముకున్న ఇళ్లు పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొల్లలు. ఆ బేరాన్ని అరికట్టడం కూడా కొత్త పథకం ఉద్దేశాల్లో ఒకటి. అయితే బియ్యం సన్నబడినా పాత వాదన మాత్రం సద్దుమణగలేదు. ప్రజల సొమ్ముతో పాలిష్ బియ్యం పంచి మధుమేహం పెంచడం దేనికి, ఇచ్చేదేదో జొన్నలు, తైదలు (రాగులు), పప్పులు ఇవ్వరాదా అన్నది ఆ వాదన.

వినడానికి బాగుంది. కానీ ఏది మంచి తిండి అన్న తీర్పు ఈ ప్రాంతంలో ఒక తరం నిలిచిన దాఖలా లేదు.

నాగార్జున సాగర్ రాకముందు ఇక్కడ వరి అంటే చెరువు కింది పంట. చెల్క నేలల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఆముదం పండేవి. కూలి ఇళ్లలో గటక, అంబలి, జొన్న రొట్టెలతోనే రోజు గడిచేది. వరి అన్నం పండుగకో పెళ్లికో. ఈనాడు పట్టణాల అంగళ్లలో అందమైన సంచుల్లో అమ్మే చిరుధాన్యాలు ఆనాడు గతిలేని వాళ్ల తిండి.

శాస్త్రవేత్తలు కూడా ఆ తిండిని మెచ్చుకోలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1918లో కూనూరులో, ఒకే ఒక్క గదిలో, బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీదుగా అది మొదలైంది. అప్పుడు దాని పని బెరిబెరి వ్యాధిపై పరిశోధన. అంటే తవుడు పోయేదాకా తెల్లగా పట్టించిన బియ్యం తెచ్చే జబ్బు కోసమే ఆ సంస్థ పుట్టింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చాక దాని ముందుకు మరో జబ్బు వచ్చింది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు రేగే పెల్లాగ్రా. రోగులలో చాలామంది జొన్న మీదే బతికే పేదలు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లమే ఇందుకు కారణం కావచ్చని ఆ సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ సూత్రంపై తర్వాత వాదోపవాదాలు నడిచాయి. జొన్న వాడకం తగ్గిన కొద్దీ పెల్లాగ్రా మాత్రం అరుదైపోయింది.

నల్లగొండది ఇంకా చేదు అనుభవం. ఫ్లోరైడ్ నీళ్లు తాగే పల్లెల్లో కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని 1970 దశకంలో ఇదే సంస్థ పరిశోధకులు గమనించారు. బాధితుల్లో ఎక్కువమందికి జొన్నే ప్రధానాహారం. బియ్యం తిన్నప్పటి కంటే జొన్న తిన్నప్పుడు శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని ఆ తర్వాతి పరీక్షల్లో తేలింది. అసలు దోషం నీళ్లది, నిందలో వాటా జొన్నకూ దక్కింది. ఆరోగ్యకరమైన ధాన్యమే పంచాలని ఆ రోజుల్లో ఎవరైనా నియమం పెట్టి ఉంటే, ఆ జాబితాలో జొన్నకు చోటు దక్కేది కాదేమో.

ఈలోగా నేల మారింది. సాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన మేర వరి పరుచుకుంది, మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైంది. నీళ్లు అందని మహబూబ్‌నగర్ పల్లెలు వలసబాట పట్టాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆ పల్లెలకు కడుపు నింపే పథకం మాత్రమే కాదు. పండుగ తిండి రోజూ కంచంలోకి వచ్చింది. అన్నం అలవాటై జొన్నను మరిచారని ఇప్పుడు నిందించేవారు, ఆ అన్నంలో ఉన్న గౌరవాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఆ తర్వాత మారింది ధరే. అది పెరిగింది, తగ్గింది, 2011 నవంబరులో రూపాయికి దిగింది, చివరికి ఉచితమైంది. సంచిలో సరుకు మాత్రం బియ్యమే. 2013 ఉగాదికి కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం 'అమ్మహస్తం' పేరుతో 185 రూపాయలకు కందిపప్పు, పామాయిల్, చింతపండు, పసుపు సహా 9 సరుకులు ఇవ్వడం ఒక మినహాయింపు. రాష్ట్ర విభజన తర్వాత అది కొనసాగలేదు. నా దృష్టిలో, లోపాలు ఎన్ని ఉన్నా, రేషన్‌ను వంటింటి కోణం నుంచి ఆలోచించిన అరుదైన ప్రయత్నం అదే.

2013లోనే వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2, జొన్నలాంటి ముతక ధాన్యాలు 1 రూపాయి అని రాసింది. చట్టంలో జొన్నకు చోటుంది, తెలంగాణ చౌక ధరల దుకాణంలో లేదు. బియ్యంలోనే పోషకాలు కలిపే దారిని కేంద్రం ఎంచుకుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలిపించింది. కడిగేటప్పుడు ఆ గింజలు తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఊళ్లు భయపడ్డాయి. ముందుగా చెప్పి ఉంటే ఆ భయం ఉండేది కాదు.

అమెరికాలో ఈ చర్చ వేరే రూపంలో సాగుతోంది. అక్కడ పేదలకిచ్చే ఆహార సహాయ కార్డులో డబ్బు ఉంటుంది, కొనేది కార్డుదారు ఇష్టం. 1964లో ఫుడ్ స్టాంప్ చట్టం చేసేటప్పుడే శీతల పానీయాలను మినహాయించాలని ప్రతినిధుల సభ కోరింది, తుది చట్టంలో అది నిలవలేదు. అలాంటి మినహాయింపు కోసమే న్యూయార్క్ నగరం పెట్టుకున్న విజ్ఞప్తిని 2011లో తిరస్కరించారు. 2025 మేలో నెబ్రాస్కా రాష్ట్రానికి తొలి అనుమతి దొరికింది, 2026 జనవరి 1 నుంచి అమలు. అక్కడ ఎంచుకునే హక్కును కుదించాలా వద్దా అని వాదించుకుంటున్నారు. ఇక్కడ కుదించడానికి ఎంపికంటూ ఉంటే కదా! కార్డు మీద ఏ ధాన్యం రావాలో పోషకాహార నిపుణులు కాదు, ప్రభుత్వ గోదాములు నిర్ణయించాయి.

అందువల్ల బియ్యం ఆపి చిరుధాన్యాలే ఇవ్వాలనడం ఒక నిర్బంధం స్థానంలో మరొకటి పెట్టడమే. 2024లో పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు, రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదన్నాయి. ఆ ధాన్యాల్లో చిరుధాన్యాలూ ఉన్నాయి. లోటు పప్పు, పాలు, గుడ్డు, కూరగాయల్లో ఉంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో గుడ్డు, పాలతో కూడిన భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి ఆ దారిలోనే ఉంది. రేషన్ దుకాణం ఇంకా అటు తిరగలేదు.

మక్తల్ నుంచి కృష్ణ దాటితే కర్ణాటక. అక్కడి ప్రభుత్వం ఉత్తర జిల్లాల్లో జొన్నలు, దక్షిణాన రాగులు కొని, కొన్న మేరకు బియ్యంతోపాటు రేషన్‌లో ఇస్తోంది. ఇక్కడ అడ్డు ఎక్కడుందో ధరలు చూస్తే తెలుస్తుంది. 2025-26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాకు 3,699 రూపాయలు, సాధారణ వరికి 2,369. కాగితం మీద జొన్నదే పైచేయి. ఎకరం దిగుబడిలో మాత్రం వరికి జొన్న సాటి రాదు. పైగా సన్న వడ్లకు రాష్ట్రం క్వింటాకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది, అమ్ముకోవడానికి కొనుగోలు కేంద్రం ఉంది, పట్టించడానికి మిల్లు ఉంది. జొన్న చేనుకు పిట్టల కాపలాకు మనిషి దొరకడమే గగనం. కార్డుదారులు ఏం తినాలో చెప్పేవారు ముందుగా పౌరసరఫరాల శాఖను అడగాలి, వచ్చే యాసంగిలో ఏ మండలంలో ఎన్ని క్వింటాళ్ల జొన్నలు, కందులు కొంటారని.